దొర పేరు చెప్పాలా, వద్దా?

ప్రశ్న: అమ్మా, మాది జనగామ పక్కన ఊరు. దసరాకు యువజన సంఘం తరఫున వెట్టిచాకిరి రోజుల మీద నాటకం వేద్దామనుకున్నాం. మా ఊరి గడి దొర మనవడు హైదరాబాద్‌లో ఉంటారు. స్టేజీ, లైట్ల ఖర్చు తానే పెట్టుకుంటానన్నారు, కానీ తాత పేరు తీయొద్దట. పెద్దలు ఒప్పుకోమంటున్నారు. మా పోరగాళ్లు పేరు చెప్పకుంటే నాటకమే వద్దంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు పైసల సంగతి తేల్చుకోండి తమ్ముడూ. ఆయన మంచివాడే కావచ్చు. బడికి బెంచీలు ఇస్తానంటే దండం పెట్టి తీసుకోండి. ఈ నాటకానికి మాత్రం ఇంటింటికీ తిరిగి చందా అడగండి. లైట్లు తగ్గితే తగ్గనీ.

ఇక పేరు. మీ పోరగాళ్లకు నచ్చదేమో గానీ, దొర పేరు లేకపోయినా నాటకానికి నష్టం లేదంటాను. మనవడు అడిగాడని కాదు. ఒకడికి పేరు పెట్టి, మీసాలు అతికించి, కొరడా చేతికిచ్చామనుకోండి, జనం ఈలలు వేసి 'వాడొక్కడే దుర్మార్గుడు' అనుకుంటూ ఇంటికి పోతారు. వెట్టి ఒక్కడి కోపంతో నడిచిందా? లెక్క రాసిన పట్వారీ, హుకుం మోసిన పటేల్, వెనక నిజాం పోలీసు, అందరూ కలిస్తేనే నడిచింది. భూమి కోసం దొరకు ఎదురు నిలిచిన చాకలి ఐలమ్మ కథలో విసునూరు దేశ్‌ముఖ్, అంటే అక్కడి పెద్ద దొర, ఎంత ఉన్నాడో పాలకుర్తి పట్వారీ అంత ఉన్నాడు. మీ జిల్లాలోనే కడవెండి చూడండి. 1946 జులై 4న ఊరేగింపు మీద తుపాకులు పేలి దొడ్డి కొమరయ్య ప్రాణం పోయింది అక్కడే. ఆ గడిలో పెత్తనం చేసింది ఆ విసునూరు దేశ్‌ముఖ్ తల్లి జానకమ్మ. ఆమెకు మీసాలెక్కడ అతికిస్తారు?

అయితే మీ ఊళ్లో దెబ్బలు తిన్నవాళ్ల పేర్లు, చనిపోయినవాళ్ల పేర్లు ఒక్కటీ వదలొద్దు. ఇంటిపేరుతో సహా చెప్పించండి.

దొర వేషానికి విడిగా మనిషినే పెట్టకండి. ఒగ్గుకథ చూసే ఉంటారు, పేరున్న ఒగ్గు కళాకారుడు చుక్క సత్తయ్యది మీ మాణిక్యాపురమే. కథ చెప్పేవాడే రాజవుతాడు, ఆ వెంటనే గొంతు మార్చి రాణి అవుతాడు. అదే పద్ధతిలో కండువా భుజాన వేసుకున్నవాడు దొర, నడుముకు చుట్టుకుంటే వెట్టివాడు. నలుగురు మార్చి మార్చి వేసుకోండి. డోలు, తాళాలు ఉంటే చాలు, కీబోర్డు జోలికి పోకండి. (నాటకాల్లో కీబోర్డంటే నాకు పడదు, అది నా గొడవ.)

రిహార్సల్ ఒకటి ముసలివాళ్ల ముందు, మైకు లేకుండా చేయండి. మా హన్మకొండ బృందం ఒక ఊళ్లో అట్లాగే చేసింది. రజాకార్లు వస్తున్నారని ఇంటావిడ నగలు మూటకట్టి పాతిపెట్టే సీను నడుస్తోంది. ముందు కూర్చున్న అవ్వ పకపకా నవ్వింది. "మాకు నగలేడివి బిడ్డా? ఇత్తడి బిందెలు బాయిల ఏసినం. ఒకటి ఇంక దొరకనే లేదు" అంది. ఆ బిందె కోసం ఆమె ఇంకా బాధపడుతోంది! మూట తీసేసి బిందెలు పెట్టాం. ఇద్దరు ముసలివాళ్లు రెండు రకాలుగా చెబితే రెండూ ఉంచండి, స్టేజీ మీదే వాదులాడుకోనివ్వండి.

పోలీసు అనుమతి ముందే తీసుకోండి. రాత్రి పదికల్లా మైకు ఆగాలి, లేకపోతే చివరి సీనుకు టెన్షన్ మొదలవుతుంది.

ప్రశ్న: 'మా భూమి' సినిమా చూశాం. ఆ నాటకమే ఆడితే సరిపోదా?

జవాబు: పేరు ఒకటే, కథలు వేరు. సినిమా గౌతమ్ ఘోష్ తీసింది, కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారం. నాటకం సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రాసింది. ఇక్కడ తెలంగాణ సాయుధ పోరాటం నడుస్తుండగానే కమ్యూనిస్టుల కళాసంస్థ ప్రజానాట్యమండలి దళాలు దాన్ని ఆంధ్ర జిల్లాల్లో ఊరూరా ఆడాయి. తర్వాత సర్కారు నిషేధించింది. రిహార్సల్‌లో ఒకటి రెండు సీన్లు చదివించండి, మీవాళ్లకు నోరు తిరుగుతుంది. ఆడేది మాత్రం మీరు రాసుకున్నదే ఆడండి.