పెద్ద ఇంజిన్ ఎక్కించే ముందు యాక్సిల్ లెక్క: మేనల్లుడికి ఒక లేఖ

ఆటోనగర్, విజయవాడ.

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. గుంటూరు దగ్గరి తోటలో వాడుకునే మీ పాత మహీంద్రా ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌కు, ప్రమాదంలో దెబ్బతిన్న మరో పికప్ నుంచి తీసిన 320 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఉన్న టర్బో డీజిల్ ఇంజిన్ ఎక్కించదలచావని, ఇంజిన్ బేరం దాదాపు కుదిరిందని, యాక్సిళ్లు ఏవి వేయాలో చెప్పమని రాశావు. బయానా ఇంకా ఇవ్వకపోతే కొన్నాళ్లు ఆగు. ఈ పనిలో ఇంజిన్ దొరకడం సులువు. దాని బలాన్ని నేల దాకా మోసుకెళ్లే సామాను సమకూర్చుకోవడమే కష్టం, అసలు ఖర్చు కూడా అక్కడే అవుతుంది.

చట్టం సంగతి ఒక్క మాటలో చెప్పి ముందుకు పోతాను. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిలో మార్పులు చేయరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. రవాణా శాఖ అనుమతి లేకుండా ఈ బండిని రోడ్డెక్కిస్తే రేపు ఏదైనా జరిగినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేస్తారు. కాబట్టి బండిని తోట హద్దుల్లోనే ఉంచుకుంటావనే నమ్మకంతోనే మిగతాది రాస్తున్నాను.

చాలామంది ఇంజిన్ టార్క్ అంకెను చూసి యాక్సిల్ ఎంచుతారు. అది సగం లెక్కే. ఇంజిన్ ఇచ్చిన టార్క్ గేర్‌బాక్స్‌లో, ట్రాన్స్‌ఫర్ కేసులో (ముందు, వెనక యాక్సిళ్లకు బలం పంచే పెట్టె), చివరికి యాక్సిల్ మధ్యలోని పళ్ల చక్రాల జత క్రౌన్ పినియన్ దగ్గర పెరుగుతూ వస్తుంది. నీ 320ని నాలుగు రేషియో ఉన్న ఫస్ట్ గేరుతో గుణిస్తే 1,280. ట్రాన్స్‌ఫర్ కేసు లో గేరు 2.46తో గుణిస్తే సుమారు 3,150. క్రౌన్ పినియన్ రేషియో 4.88తో గుణిస్తే 15,300 దాటుతుంది. ఫోర్ వీల్ వేసినప్పుడు అది ముందుకూ వెనక్కూ చెరి సగం పోతుందనుకున్నా వెనక హౌసింగ్ (చక్రాలను తిప్పే రాడ్లూ క్రౌన్ పినియనూ ఇమిడి ఉండే గొట్టపు పెట్టె) మీద 7,600 న్యూటన్ మీటర్లకు పైనే పడాలి. ఈ అంకె చూసి భయపడి లారీ హౌసింగ్ కోసం పరుగెత్తేవాళ్లను ఇక్కడ తరచుగా చూస్తుంటాను.

అయితే టైరు నేలను పట్టుకున్నంత వరకే యాక్సిల్ మీద భారం పడుతుంది, పట్టు తప్పిన క్షణం చక్రం ఊరికే తిరుగుతుంది. సరుకుతో నిండినప్పుడు నీ వెనక యాక్సిల్ మీద 1,400 కిలోలు పడతాయనుకుందాం. అది సుమారు 13,700 న్యూటన్ల బరువు. బరువుతో సమానమైన పట్టు దొరికిందనీ, చక్రం నడిమధ్య నుంచి నేలకు 0.37 మీటర్ల ఎత్తు ఉందనీ అనుకుంటే, వెనక చక్రాలు రెండూ కలిసి నేల మీద పెట్టగలిగేది దాదాపు 5,070 న్యూటన్ మీటర్లే. గేర్ల లెక్క, టైర్ల లెక్క రెండూ వేసి, వాటిలో ఏది తక్కువైతే దాన్ని పట్టుకో. దానికి కుదుపుల కోసం ఇంకో సగం కలుపు. నేను ఎప్పుడూ అలాగే చేస్తాను. అందువల్ల ముందు నువ్వు చేయాల్సింది, సరుకు నింపిన బండిని ట్రాలీ మీద ఎక్కించి వేబ్రిడ్జికి తీసుకువెళ్లి, ముందు చక్రాల బరువు ఒకసారి, వెనక చక్రాల బరువు ఒకసారి విడివిడిగా తూకం వేయించి చీటీ తెచ్చుకోవడం. పెద్ద టైర్లు వేయాలని ఉందని కూడా రాశావు. నేల నుంచి ఎత్తు 0.37 నుంచి 0.42కు పెరిగితే యాక్సిల్ మీద పడే మెలి 13 శాతానికి పైగా పెరుగుతుంది. ఇంజిన్ మార్చకుండా టైర్లు మాత్రమే మార్చి యాక్సిల్ రాడ్లు విరగ్గొట్టుకున్నవాళ్లు ఇందుకే ఉన్నారు.

కుదుపు సంగతి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే మీ పక్క నేల నల్లరేగడి. వాన పడ్డాక ఆ బురదలో పట్టు ఉండదు కనుక రాడ్‌కు ప్రమాదం లేదనిపిస్తుంది. కానీ బురదలో గిర్రున తిరుగుతున్న చక్రానికి ఒక్కసారిగా రాయో గట్టి నేలో తగిలితే, ఇంజిన్, ఫ్లైవీల్, ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరుగుతూ కూడగట్టుకున్న శక్తి అంతా ఆ ఒక్క క్షణంలో రాడ్ మీద పడుతుంది. కృష్ణ ఇసుకలో దిగబడిన బండిని క్లచ్ టపీమని వదిలి లాగబోయినా ఇంతే. మా షెడ్డుకు వచ్చే విరిగిన రాడ్లలో చాలా వాటికి స్ప్లైన్లు, అంటే చివర పళ్లలా ఉండే గాళ్లు, నిటారుగా ఉండవు. తాడు పేనినట్టు ఒక పక్కకు మెలి తిరిగి ఉంటాయి. పాత రాడ్ కొనేటప్పుడు ఆ గాళ్ల వెంట ఉక్కు స్కేలు ఆనించి చూడు. కొంచెం వంపు కనిపించినా ఆ రాడ్ తన ఓపికకు మించిన బరువు ఒకసారి మోసిందని అర్థం, ధర ఎంత తగ్గించినా దాన్ని తీసుకోకు.

రాడ్ బలం దాని వ్యాసం ఘనాన్ని బట్టి, అంటే వ్యాసం × వ్యాసం × వ్యాసం లెక్కన పెరుగుతుంది. 30 మిల్లీమీటర్ల రాడ్ బదులు అదే ఉక్కుతో చేసిన 33 మిల్లీమీటర్ల రాడ్ వేస్తే లావు పదో వంతే పెరిగినా బలం మూడో వంతు పెరుగుతుంది. 33 నుంచి 38కి పోతే ఒకటిన్నర రెట్లవుతుంది. కొలత మాత్రం రాడ్ నడుము దగ్గర కాకుండా, అన్నిటికన్నా సన్నగా ఉండే గాళ్ల అడుగు దగ్గర తీసుకోవాలి. డిఫరెన్షియల్‌లో (మలుపుల్లో రెండు చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు) రెండు చక్రాలనూ ఒకటిగా బిగించే లాకర్ వేస్తానంటే ఒక చక్రం గాలిలో లేచినప్పుడు మొత్తం మెలి రెండో రాడ్ ఒక్కటే మోయాలి కనుక, పైన తేలిన అంకెకు ఒక్కో రాడ్ విడిగా తట్టుకునేలా చూసుకో. లాకర్ లేకపోతే చెరి సగం. డిఫరెన్షియల్ లోపలి గేర్లకు వెల్డింగ్ పెట్టి లాక్ చేసే పద్ధతిని నేను ఒప్పుకోను. మలుపు మలుపుకూ రాడ్‌ను మెలిపెట్టే పని అది.

రాడ్ విరిగితే ఏమవుతుందనేది కూడా ముఖ్యమే. లారీ వెనక చక్రం చూడు. నడిమధ్య హబ్బు బయటికి పొడుచుకొచ్చి, చుట్టూ బోల్టులు బిగించి ఉంటుంది. అది ఫుల్ ఫ్లోటింగ్. బండి బరువును బేరింగుల ద్వారా హౌసింగ్ గొట్టమే మోస్తుంది, రాడ్ పని తిప్పడం ఒక్కటే. విరిగినా చక్రం చోటు కదలదు. సెమీ ఫ్లోటింగ్‌లో బరువూ మెలీ రెండూ రాడ్ మీదే పడతాయి, బేరింగుకు బయట విరిగితే చక్రం ఊడి వస్తుంది. తోట పని కదా అని తేలిగ్గా తీసుకోకు, తోటలోనూ కూలీలు బండి ఎక్కుతారు.

అలాగని నువ్వు అడిగిన టాటా 407 హౌసింగ్ వేయమని చెప్పను. బలంలో దానికి వంక లేదు. కానీ వెనక జంట చక్రాల కోసం చేసిన హబ్బులవి, ఒంటి చక్రం బిగిస్తే వెడల్పు ఎక్కడికో పోతుంది; క్రౌన్ ఉండే గుండ్రటి భాగం పెద్దది కనుక గట్లు దాటేటప్పుడు నేలకు తగులుతుంది; చక్రాల దగ్గర అంత బరువు చేరితే ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది. నా ఎంపిక వేరు. నువ్వు ఏ పికప్ ఇంజిన్ కొంటున్నావో దాని వెనక హౌసింగ్ కూడా కలిపి బేరమాడు. ఆ ఇంజిన్‌కు, అంత బరువుకు సరిపోతుందని కంపెనీ లెక్కవేసి పెట్టిన యాక్సిల్ అదే. నీ బండి మొత్తం బరువు ఆ పికప్ మొత్తం బరువు దాటనంత వరకు, టైర్ల ఎత్తు దాదాపు అంతే ఉన్నంత వరకు, లో గేరుతో కలిపినా దిగులు పడనక్కరలేదు. అది సెమీ ఫ్లోటింగే అయ్యే అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు రెండు బేరింగులూ కొత్తవి వేసి, రాడ్లకు పగుళ్ల పరీక్ష తప్పకుండా చేయించు.

ఇందులో చిక్కు ముందు యాక్సిల్ దగ్గర వస్తుంది. ఈ కాలపు పికప్‌లకు ముందు చక్రాలు విడివిడిగా ఊగే సస్పెన్షన్ ఉంటుంది, కమాను పట్టీల మీద నిలిచే నీ బండికి అది అతకదు. కాబట్టి ముందు నీ పాత హౌసింగే ఉండాలి. కానీ ముందు, వెనక రేషియోలు ఒకటే కాకపోతే ఫోర్ వీల్ వేసిన మరుక్షణం రెండూ ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. పాత జీపుల్లో 5.38 రేషియో ఉండేది, కొత్త పికప్‌లలో అంతకంటే తక్కువ రేషియోలు ఉంటాయి. పళ్లు లెక్కపెట్టి చూసుకో: 43కు 8 అయితే 5.38, 39కి 8 అయితే 4.88, 41కి 10 అయితే 4.10. ముందు హౌసింగ్‌కు వెనక దానితో సరిపోయే క్రౌన్ పినియన్ జత దొరుకుతుందో లేదో తేలాకే వెనక హౌసింగ్ కొను. దొరకకపోతే ముందూ వెనకా ఒకే బండివి జతగా తీసుకోవడమే దారి. అప్పుడు ముందు హౌసింగ్‌లో క్రౌన్ ఏ పక్కన ఉందో, నీ ట్రాన్స్‌ఫర్ కేసు షాఫ్ట్ ఏ పక్కకు వస్తుందో కూడా చూసుకోవాలి.

రేషియో తగ్గడం నీకు నష్టం కాదు. పినియన్‌కు పళ్లు ఎక్కువై, అది లావై గట్టిపడుతుంది. పైగా చుట్టుకొలత 2.4 మీటర్లున్న టైరుతో టాప్ గేరు ఒకటికి ఒకటి అయితే, గంటకు 80 కిలోమీటర్ల దగ్గర 5.38కి ఇంజిన్ దాదాపు 3,000 చుట్లు తిరగాలి, 4.10కి 2,300 చుట్లు చాలు. కింది చుట్లలోనే బలమున్న ఇంజిన్‌కు అదే నప్పుతుంది. క్రౌన్ వీల్ వ్యాసం కూడా కొలిచి చూడు. డానా 44 అనే యాక్సిల్ రకానికి అది 8.5 అంగుళాలు, డానా 60కి 9.75, ఈ రెండు కొలతలూ మనసులో పెట్టుకుంటే చేతిలో ఉన్నది ఏ స్థాయిదో అంచనా దొరుకుతుంది. ముందు యాక్సిల్‌లో తొందరగా పోయేది క్రౌన్ కాదు, చక్రాల దగ్గరి జాయింట్లు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు యాక్సిలరేటర్ తొక్కవద్దని మీ డ్రైవరుకు గట్టిగా చెప్పు.

పాత హౌసింగ్ కొనడానికి వచ్చినప్పుడు నన్ను పిలువు, నేను రాలేకపోతే ఇలా చెయ్యి. కమాను కూర్చునే చోట, గొట్టం కలిసే అతుకు దగ్గర తీగ బ్రష్‌తో శుభ్రంగా గీకించి, కిరోసిన్ పూసి పావుగంట ఆగి, పొడిగుడ్డతో తుడిచి, సుద్దపొడి రాయించు. పగులు ఉంటే లోపల దాగిన కిరోసిన్ తెల్లటి పొడి మీద సన్నటి తడి గీతగా పైకి వస్తుంది. వంపు తెలియడానికి రెండు చివరల ఫ్లాంజీలకు పొడవాటి ఇనుప పట్టీలు బిగించి, వాటి మధ్య దూరాన్ని ముందు వైపు, వెనక వైపు కొలిపించు. రెండు కొలతలకు తేడా ఉంటే గొట్టం వంగినట్టే. ఆయిల్ తెల్లగుడ్డ మీదికి తీయించు. బూడిదరంగు మెత్తటి పేస్టు ఫరవాలేదు, రేకుల్లాంటి ముక్కలు వస్తే లోపల పళ్లు రాలుతున్నాయి.

రాడ్ దొరకలేదని ఎవరైనా లేత్ మీద చేయిస్తామంటే ఉక్కు ఏదని అడుగు. ఈఎన్ 24 లాంటి మిశ్రమ ఉక్కు తెచ్చి, సరిగ్గా హీట్ ట్రీట్‌మెంట్ చేయించి, దాని కాఠిన్యం కొలిచి చూపగలిగితే సరే. మామూలు కార్బన్ ఉక్కు ఈఎన్ 8తో తిప్పి చేతికిస్తే తీసుకోకు. విరిగిన రాడ్‌కు వెల్డింగ్ పెట్టి అతికిస్తామనే షెడ్డులో నిలబడనే వద్దు.

బ్రేకుల విషయంలో, కొత్త హౌసింగ్ వీల్ సిలిండర్లకు నీ పాత మాస్టర్ సిలిండర్ చాలకపోవచ్చు. రెండూ కలిపి చూసుకో. కొత్త క్రౌన్ పినియన్ వేస్తే పళ్ల మధ్య ఆట డయల్ గేజీతో చూపించమను. చాలా హౌసింగ్‌లకు 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మాన్యువల్‌లో ఉన్న కొలతే ప్రమాణం. పళ్లకు రంగు పూసి తిప్పించి, ముద్ర పంటి మధ్యలో పడుతోందో లేదో నీ కళ్లతో చూడు. జీఎల్-5 గేర్ ఆయిల్ పోసి, మొదట 20 కిలోమీటర్ల వరకు నెమ్మదిగా తిప్పి, పూర్తిగా చల్లారనిచ్చి, ఆ తర్వాతే బరువు వెయ్యి. 800 కిలోమీటర్లకు ఆయిల్ మార్చు.

వేబ్రిడ్జి చీటీ, టైరు కొలత, ఇప్పుడున్న రెండు హౌసింగ్‌ల పళ్ల లెక్క, ఇవి మూడూ రాసి పంపితే ముందు హౌసింగ్‌కు జత ఎక్కడ దొరుకుతుందో ఇక్కడ నాలుగు షాపుల్లో అడిగి చెబుతాను. అక్కయ్యను, బావగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య