ఆటోమేటిక్ డైవ్ వాచీ ఉన్నట్టుండి ఆగిపోయింది: బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

అయిదేళ్ళు వాడిన ఆటోమేటిక్ (చేతి కదలికకి తనే కీ ఎక్కే) డైవ్ వాచీ ఒక పొద్దున ఆగిపోయింది, సర్వీసుకి 12 వేలు అంటున్నారు, దానికి ఇంకొంచెం వేసి కొత్తదే కొంటే పోదా, కొంటే ఏది, ఉండేది చెన్నైలో, ఏడాదికి రెండు మూడు సార్లు పాండిచ్చేరి వెళ్ళి డైవింగ్ చేస్తాను, బడ్జెట్ 40 వేలు. ఇదీ మీరు అడిగింది. నేనూ చెన్నైలోనే, పెరుంగుడిలో ఉంటాను. రెండేళ్ళ కిందట నాకు అచ్చం ఇదే జరిగింది. చేతి చమురు ఎక్కడ వదిలిందో, ఎక్కడ మిగిలిందో చెబుతాను.

నాది మా బావ సింగపూర్ నుంచి వస్తూ తెచ్చిన వాచీ. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే తప్పు దానిది కాదు. లోపల ఉన్నది ఎన్‌హెచ్35 అనే మెషిన్. రిపేరు షాపుల్లో మూవ్‌మెంట్‌ని మెషిన్ అనే అంటారు, నేనూ అలాగే అంటాను. సీకో తయారు చేసి బయటి కంపెనీలకు అమ్మే మెషిన్ ఇది, చాలా చిన్న బ్రాండ్లలో కనిపిస్తుంది. దాదాపు తొమ్మిదేళ్ళు పెట్టుకున్నాను, ఒక్కసారి కూడా తెరిపించలేదు. రోజుకి పది పదిహేను సెకన్లు ముందుకి పోయేది, అంతకు మించి ఏ పేచీ పెట్టలేదు. ఒక మంగళవారం లేచి చూస్తే ముళ్ళు 11:40 దగ్గర ఉన్నాయి. తేదీ గడిలో సగం 13, సగం 14.

చేతికి పెట్టుకుని ఊపితే ఇరవై నిమిషాలు నడిచి మళ్ళీ ఆగింది. మా అమ్మ బియ్యం డబ్బాలో పెట్టమంది, పెట్టాను కూడా. మీరు పెట్టకండి. బిగించి ఉన్న కేసులోంచి బియ్యం తేమని లాగలేదు. పోనీ అని క్రౌన్, అంటే కీ ఇవ్వడానికి పక్కన ఉండే బొడిపె, విప్పి పెడితే ఆ సందులోకి బియ్యపు పొడి చేరుతుంది.

11:40 దగ్గరే ఎందుకు ఆగిందో తర్వాత తెలిసింది. తేదీ చక్రాన్ని ముందుకి తోయడానికి అర్ధరాత్రి దగ్గర మెషిన్‌కి అదనంగా బలం కావాలి. ఎండిపోయిన ఆయిలూ తుప్పూ కలిసి స్ప్రింగు శక్తిని దారిలోనే తినేస్తుంటే, మామూలు గంటల్లో వాచీ ఎలాగో ఈడ్చుకొస్తుంది, తేదీ మారే వేళకి చేతులెత్తేస్తుంది. మీది ఏ టైమ్ దగ్గర ఆగిందో రాయలేదు, ఒకసారి చూడండి. అర్ధరాత్రికి అటూ ఇటూగా ఆగి ఉంటే, సర్వీసు చేస్తే లేచి కూర్చునే అవకాశం ఎక్కువ. ఆగకుండా నడుస్తూనే రోజుకి నాలుగైదు నిమిషాలు ముందుకి పరిగెత్తుతుంటే మాత్రం అది వేరే జబ్బు. అయస్కాంతం పట్టి హెయిర్ స్ప్రింగు అనే సన్న స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. ఫోన్‌లో దిక్సూచి యాప్ తెరిచి వాచీని దగ్గరికి తెస్తే ముల్లు గిరగిరా తిరుగుతుంది. దాన్ని వదిలించే పరికరం రిపేరు షాపుల్లో ఉంటుంది, నిమిషం పని.

సరే, నా సంగతి. ముందు మాల్‌లో ఒక పెద్ద షాపుకి వెళ్ళాను. వెనక మూత కూడా తీయకుండా, పంపించాలి, ఆరు వారాలు పడుతుంది, 14 వేలు కావచ్చు అన్నారు. లోపల ఏం పోయిందో చూడకుండా 14 వేలు ఎలా వచ్చాయో అడగబుద్ధి అయింది, అడగలేదు. ఆఫీసులో ఒకాయన చెబితే ప్యారిస్ కార్నర్ దగ్గర ఒక సందులో ఉండే పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. మనిషి కూర్చుంటే ఇంకొకరు నిలబడలేనంత షాపు. ఆయనది నెల్లూరు వైపట, నలభై ఏళ్ళుగా మద్రాసులోనే ఉన్నారు.

కంటికి లూపు అనే భూతద్దం పెట్టుకుని నా ముందే మూత తీశారు. చేతి కదలికకి ఊగే రోటర్ కింద, క్రౌన్ నుంచి లోపలికి వెళ్ళే సన్న కడ్డీ చుట్టూ ఎర్రటి పొడి. క్రౌన్‌లో ఉండే రబ్బరు వాషరుని పట్టకారుతో లాగితే అప్పడంలా విరిగింది. నేను వెంటనే, పోయిన నెల సముద్రంలో ఈత కొట్టాను, అప్పుడే నీళ్ళు పోయి ఉంటాయి అన్నాను. ఆయన ఆ మాట పట్టించుకోలేదు. "వారానికి ఎన్నిసార్లు దీన్ని విప్పుతావు బాబూ?" అని అడిగారు.

లెక్క వేసుకుంటే నాకే సిగ్గేసింది. శుక్రవారం రాత్రి ఎనిమిదికి వాచీ తీసి బల్ల మీద పెడతాను. ఈ మెషిన్‌లో స్ప్రింగు నిండా ఎక్కితే 41 గంటలు నడుస్తుంది. అంటే ఆదివారం మధ్యాహ్నం ఒంటి గంటకి ఆగిపోతుంది. సోమవారం పొద్దున కంపెనీ బస్సు వచ్చేస్తుందనే కంగారులో క్రౌన్ విప్పి, కీ ఇచ్చి, టైమూ తేదీ దిద్ది, మళ్ళీ మర బిగించాలి. ఏడాదికి 50 సార్లు. తొమ్మిదేళ్ళలో 450 సార్లు. అందులో ఎన్ని సోమవారాలు సగం బిగించి వదిలేశానో దేవుడికే తెలియాలి. మర అరిగింది, వాషరు గట్టిపడింది, ఆ సందులోంచి మన ఊరి మే నెల చెమట కొద్దికొద్దిగా లోపలికి దిగింది. సముద్రంలో గడిపింది అంతా కలిపితే ఇరవై గంటలు ఉండదేమో. ఎండాకాలాలు మాత్రం తొమ్మిది.

డైవ్ వాచీలోకి నీళ్ళు వచ్చే దారులు మూడు: అద్దం చుట్టూ, వెనక మూత, క్రౌన్. మొదటి రెండూ సర్వీసు రోజున తప్ప కదలవు. రోజువారీ వాడకంలో కదిలేది క్రౌన్ ఒక్కటే. అందుకే ఏది కొనాలి అనే ప్రశ్నకి నా జవాబు బ్రాండ్ పేరుతో మొదలు కాదు. నీళ్ళలోకి తీసుకెళ్ళే వాచీకి క్రౌన్ విప్పే పని వీలైనంత తక్కువ ఉండాలి. సెల్లు వాచీ అయినా సరే, వెలుతురుతో చార్జ్ అయ్యేదైనా సరే. తేదీ ఉన్న సెల్లు వాచీని ఏడాదికి అయిదు సార్లు విప్పితే చాలు, 31 కన్నా తక్కువ రోజులున్న నెలలు అయిదే కాబట్టి. రోజూ పెట్టుకుంటే ఆటోమేటిక్ కూడా ఆగదు కదా అని మెకానికల్ అభిమానులు అంటారు. నిజమే, రోజూ పెట్టుకునేవాళ్ళకి నా లెక్క అంతగా వర్తించదు. మీరు ఎలా వాడతారో మీకే తెలియాలి.

మా నాన్నగారిది కీ ఇచ్చే హెచ్ఎంటీ. బెంగళూరులో 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో వాచీలు చేయడం మొదలుపెట్టిన హెచ్ఎంటీయే. రోజూ కాఫీ తాగుతూ కీ ఇస్తారు, ఇప్పటికీ నడుస్తోంది. నా వాచీ పోయినప్పుడు దాన్ని చూపించి ఇంట్లో అందరూ తలా ఒక మాట అన్నారు. కానీ ఆయన స్నానానికి వెళ్ళేముందు దాన్ని తీసి దేవుడి గూట్లో పెడతారు. నేను వేడినీళ్ళ షవర్ కిందకి కూడా వాచీతోనే వెళ్ళేవాణ్ణి. వేడీ సబ్బూ రబ్బరు వాషర్లకి పడవు. 200 మీటర్లు అని రాసి ఉంది కదా అని నా ధీమా.

ఆ 200 మీటర్ల సంగతి కూడా చెప్పాలి. ఐఎస్ఓ 6425 అనే ప్రమాణం ప్రకారం చేసిన వాచీల మీద ఉత్త వాటర్ రెసిస్ట్ అని కాకుండా డైవర్స్ 200 ఎం అని ఉంటుంది. రాసిన లోతు కన్నా 25 శాతం ఎక్కువ ఒత్తిడిలో పరీక్షిస్తారు, చీకట్లో 25 సెంటీమీటర్ల దూరం నుంచి టైమ్ కనిపించాలి. సరదా డైవింగ్‌లో 40 మీటర్లు దాటం కాబట్టి 200 మీటర్లు మనకి కావలసినదాని కన్నా చాలా ఎక్కువ. అయితే ఆ పరీక్ష వాచీ కొత్తగా ఉన్నప్పటిది. అయిదేళ్ళ తర్వాత మీ వాషరు ఎలా ఉందో డయల్ మీద రాసి ఉండదు. ఏడాదికోసారి ఒత్తిడి పరీక్ష చేయించుకుంటేనే తెలుస్తుంది.

పెద్దాయన పాత మెషిన్‌ని శుభ్రం చేయడం కన్నా కొత్త ఎన్‌హెచ్35 వేయడమే చవక అన్నారు. మెషిన్, వాషర్లు, కూలి అంతా కలిపి 4,800 అయింది. కొత్త మెషిన్ బాగానే నడిచింది. ఒత్తిడి పరీక్ష యంత్రం ఆయన దగ్గర లేదు. టి.నగర్‌లో ఒక షాపులో చేయిస్తే వాచీ తప్పింది. క్రౌన్ బిగుసుకునే గొట్టం మర అరిగిపోయింది, నా కేసుకి సరిపోయే గొట్టం ఎక్కడా దొరకలేదు. దాంతో ఆ వాచీ ఇప్పుడు పొడి నేల మీద వాచీ. పెళ్ళిళ్ళకి, ఆఫీసుకి పెట్టుకుంటాను. నవంబరు వానల్లో ప్లాస్టిక్ కవర్లో చుట్టి సంచిలో వేసుకుంటాను. డైవ్ వాచీకి పట్టిన గతి చూడండి.

నీళ్ళకి క్యాసియో డ్యూరో కొన్నాను, 6 వేల లోపే. సెల్లు వాచీ, 200 మీటర్లు, క్రౌన్ మర బిగించేదే. ఐఎస్ఓ డైవర్స్ ముద్ర ఉండదు, దానితో నాకు పేచీ లేదు. పాండిచ్చేరిలో చేతికి ఎలాగూ లోతూ సమయమూ చూపించే డైవ్ కంప్యూటర్ ఇస్తారు, వాచీ దానికి తోడు మాత్రమే. బెజెల్, అంటే నీటిలో గడిపిన నిమిషాలు చూసుకోవడానికి అద్దం చుట్టూ తిప్పే వలయం, ఒకవైపే తిరుగుతుంది కాబట్టి ఎక్కడైనా తగిలి జరిగినా, నీటిలో గడిపిన సమయం ఎక్కువ చూపిస్తుంది తప్ప తక్కువ చూపించదు. నాకు అది చాలు.

మీకు 40 వేలు ఉన్నాయి, కాబట్టి దారులు ఎక్కువ. ఒక్క వాచీతోనే అన్నీ జరగాలంటే సిటిజన్ ప్రోమాస్టర్‌లో వెలుతురుతో నడిచే బీఎన్0150 చూడండి, 200 మీటర్లు, డైవర్స్ ముద్ర ఉంది. లేదు, లోపల చక్రాలు తిరగాల్సిందే అంటే అదే ప్రోమాస్టర్‌లో ఎన్‌వై0040 ఉంది. క్రౌన్ ఎనిమిది గంటల వైపు ఉంటుంది, మణికట్టు వంచినప్పుడు గుచ్చుకోదు. పాత సీకో ఎస్‌కేఎక్స్007 మీద మనసు పడి సెకండ్ హ్యాండ్‌లో వెతికేవాళ్ళు చాలామంది. 1996 నుంచి 2019 దాకా వచ్చింది, మంచి వాచీ. దానికి చేత్తో కీ ఇచ్చే వీలు లేదు, పైగా ఇప్పుడు దొరికేవాటిలో డయల్ ఒకచోటిది, ముళ్ళు ఇంకోచోటివి వేసి కలిపినవి ఎక్కువ. ఇంకొక పొరపాటు, 2019లో దాని పోలికతోనే వచ్చిన సీకో 5 స్పోర్ట్స్‌ని దాని తమ్ముడనుకుని కొనడం. చూడటానికి అలాగే ఉన్నా అది 100 మీటర్లది, క్రౌన్ మర బిగించేది కాదు. ఈతకి ఢోకా లేదు కానీ డైవింగ్‌కి నేను తీసుకెళ్ళను.

ఏది కొన్నా చెన్నైలోనే, బిల్లు వారంటీ కార్డుతో కొనండి. మా బావ తెచ్చినదానికి ఇక్కడ ఎవరూ పూచీ పడలేదు. సముద్రంలోంచి రాగానే మంచినీళ్ళ కుళాయి కింద పెట్టి బెజెల్‌ని రెండు చుట్లు తిప్పండి, ఉప్పు వదులుతుంది. అద్దం లోపల ఎప్పుడైనా ఆవిరి కనిపిస్తే ఆ రోజే తెరిపించండి, మర్నాడు అనుకోకండి.

డబ్బు తీసే ముందు మాత్రం మీ వాచీని ఒకసారి మీ కళ్ళ ముందు తెరిపించండి. ప్యారిస్ కార్నర్ వైపు వెళ్ళేటట్టయితే ఆదివారం వద్దు, ఆ సందులో చాలా షాపులు మూసి ఉంటాయి. కడ్డీ చుట్టూ ఎర్రపొడి లేకపోతే ఆయిల్ ఎండిపోయిందంతే. అప్పుడు 12 వేలు ఎందుకో గట్టిగా అడగండి, మెషిన్ పేరు చెప్పి ఇంకో ఇద్దరిని అడిగి చూడండి. పొడి ఉంటే ఒత్తిడి పరీక్ష ఫలితం వచ్చేదాకా కొత్త మెషిన్ వేయించకండి. నేను ముందు మెషిన్ వేయించి తర్వాత పరీక్షకి వెళ్ళాను. లోపల ఏం కనిపించిందో ఇక్కడే రాయండి, మెషిన్ నంబరు రోటర్ మీద గానీ పక్కన గానీ చెక్కి ఉంటుంది, అదీ రాస్తే దానికి సరిపోయేది దొరుకుతుందో లేదో చెబుతాను.