గార తీయిస్తే పళ్లు వదులైపోతాయా?

ప్రశ్న: నా వయసు 38 ఏళ్లు. కింది వరుస ముందు పళ్లకు లోపలివైపు పసుపు రంగులో గట్టిగా గార పట్టింది. ఎంత తోమినా పోవడం లేదు. బ్రష్ చేసినప్పుడల్లా రక్తం కనిపిస్తోంది. నోటి వాసన వస్తోందేమోనని ఎవరితోనైనా దగ్గరగా మాట్లాడాలంటే టెన్షన్‌గా ఉంటోంది. మూడేళ్లుగా షుగర్‌కు మాత్రలు వాడుతున్నాను. డెంటిస్ట్ దగ్గర క్లీనింగ్ చేయించుకుందామంటే మా అమ్మ వద్దంటోంది. అయిదేళ్ల కిందట ఆమెకు క్లీనింగ్ చేశాక పళ్లు కదలడం మొదలైంది, చివరికి రెండు తీసేయాల్సి వచ్చింది. స్క్రేపర్ కొనుక్కుని ఇంట్లోనే గార తీసుకోవచ్చా? నిమ్మరసం, వంటసోడా లాంటివి పనిచేస్తాయా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ అమ్మగారి మాట దగ్గరే మొదలుపెడతాను. ఈ భయం ఒక్క మీ ఇంట్లోనే లేదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది కుర్చీలో కూర్చోగానే అడిగేది ఇదే: ‘డాక్టర్ గారూ, గార తీస్తే పళ్లు వదులైపోతాయటగా?’ ఆవిడ చెప్పేదాంట్లో అబద్ధం లేదు. క్లీనింగ్ అయ్యాకే పళ్లు కదులుతున్న సంగతి ఆవిడకు తెలిసింది. ఆవిడ పళ్లు నేను చూడలేదు గానీ, ఇలాంటి చోట సాధారణంగా జరిగేది ఒకటే. పంటిని పట్టి ఉంచేది చిగురు కింద ఉన్న దవడ ఎముక. చిగుళ్ల జబ్బు ఆ ఎముకను నొప్పి లేకుండా, ఏళ్ల తరబడి, కొంచెం కొంచెంగా తినేస్తుంది. ఈలోగా పళ్ల మధ్య గార మందంగా పేరుకుని, పక్కపక్క పళ్లను సిమెంటు పెట్టినట్టు ఒకదానికొకటి అతికిస్తుంది. లోపల పట్టు లేకపోయినా పైకి అన్నీ గట్టిగా ఉన్నట్టే ఉంటాయి. ఆ గార తీసిన రోజున అసలు సంగతి బయటపడుతుంది. నింద మాత్రం క్లీనింగ్ మీద పడుతుంది. గారను ఇంకో రెండేళ్లు అలాగే వదిలేసి ఉంటే మరిన్ని పళ్లు పోయే ప్రమాదం ఉండేది.

ఇక మీ సంగతి. పొద్దున లేవగానే పళ్ల మీద నాలుక ఆడిస్తే జిగటగా, కాస్త గరుగ్గా తగులుతుంది చూడండి, అది పాచి. తిన్నది అతుక్కుని అలా అయిందనుకుంటారు గానీ, నిజానికి అది సూక్ష్మజీవుల పొర. పన్ను ఎంత శుభ్రంగా తోమినా కొద్ది నిమిషాల్లోనే లాలాజలంలోని ప్రొటీన్లు దాని మీద కంటికి కనిపించని పూతలా పరుచుకుంటాయి. ఆ పూతను పట్టుకుని బ్యాక్టీరియా కాపురం పెడతాయి. 1683లో డచ్ పరిశోధకుడు ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ తన పళ్ల మధ్య ఉన్న తెల్లటి పదార్థాన్ని తానే తయారు చేసుకున్న సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. అందులో సన్నటి ప్రాణులు చురుగ్గా కదలడం చూసి ఆశ్చర్యపోతూ లండన్‌లోని రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘానికి ఉత్తరం రాశాడు. ఆయన చూసింది ఈ పాచినే.

పాచి మెత్తగా ఉన్నంతవరకు బ్రష్‌తో పోతుంది. తోమకుండా వదిలేసిన చోట లాలాజలంలో ఉండే కాల్షియం, ఫాస్ఫేట్ అందులోకి చేరి గట్టిపడతాయి. ఇది ఒకటి రెండు రోజుల్లోనే మొదలు కావచ్చు, రెండు వారాలు తిరిగేసరికి రాయిలా అయిపోవచ్చు. అదే గార. ఇక దాని మీద ఏ బ్రష్ పనిచేయదు. గట్టిగా రుద్దితే అరిగేది మీ చిగురే.

గార కింది ముందు పళ్ల వెనకే ఎందుకు పట్టిందో తెలియాలంటే అద్దం ముందు నిలబడి నాలుక పైకెత్తి చూడండి. నాలుక కింద నడుమన సన్నటి తాడులాంటి పొర, దాని మొదట్లో అటూ ఇటూ రెండు చిన్న బుడిపెలు కనిపిస్తాయి. కాసేపు అలాగే చూస్తూ ఉంటే వాటి కొసల నుంచి లాలాజలం ఊరి మడుగు కట్టడం తెలుస్తుంది. ఆ మడుగు చేరేది కింది ముందు పళ్ల వెనక్కే. పై దవడలో బుగ్గ వైపు పళ్లకు కూడా అందుకే గార ఎక్కువ, అక్కడ బుగ్గ లోపల ఇంకో లాలాజల గ్రంథి ద్వారం ఉంటుంది. పైగా ఈ రెండు చోట్లా బ్రష్ సరిగ్గా తిరగదు. కాబట్టి మీరు శుభ్రంగా ఉండరని ఎవరైనా అంటే పట్టించుకోకండి. కొందరికి లాలాజలం తీరు వల్లే గార తొందరగా కడుతుంది.

నిమ్మరసం సంగతి. గార, పంటి మీది ఎనామిల్ రెండూ ప్రధానంగా కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికాలే. గారను కరిగించే పులుపు ఏదైనా ఎనామిల్‌నూ కరిగిస్తుంది. ఎనామిల్ ఒకసారి పోతే మళ్లీ పుట్టదు. వంటసోడా పైపై మరకలను కొంత తగ్గిస్తుందేమో గానీ గారను కదిలించలేదు. ‘టార్టార్ కంట్రోల్’ అని రాసి ఉన్న పేస్టులు కొత్త గార కట్టడాన్ని కొంత తగ్గిస్తాయి, కట్టిన దాన్ని తీయలేవు. స్క్రేపర్ మాత్రం దయచేసి కొనకండి. పంటి వెనక వైపు మీకు మీరుగా చూడలేరు. చెయ్యి జారిందంటే చిగురు చీలుతుంది, నాలుక కింద గుచ్చుకుంటుంది, పంటి వేరు మీద గీతలు పడతాయి. అన్నిటికంటే ముఖ్యంగా, పైకి కనిపించే గారను పెచ్చులుగా ఊడదీసి అంతా పోయిందనుకుంటారు. అసలు ప్రమాదకరమైనది చిగురు లోపల దాక్కుంటుంది.

ఆ లోపలి గార వేరేగా ఉంటుంది. ముదురు గోధుమ రంగులో, ఒక్కోసారి నల్లగా, పైదానికంటే గట్టిగా వేరుకు కరుచుకుని ఉంటుంది. దాని గరుకు ఉపరితలం మీద ఎప్పుడూ బతికున్న పాచి పొర అంటిపెట్టుకుని ఉంటుంది. దానితో పోరాడే క్రమంలోనే చిగురు వాస్తుంది, ఎర్రబడుతుంది, కాస్త తాకితే చాలు రక్తం వస్తుంది. మీకు వాసన వస్తూ ఉంటే అది కూడా చాలావరకు అక్కడిదే అయి ఉండొచ్చు.

రక్తం వస్తోందని చాలామంది ఆ పక్క తోమడం మానేస్తారు. నాకు చాలా బాధ కలిగించే పొరపాటు ఇది. తోమని చోట పాచి ఇంకా పెరుగుతుంది, రక్తం ఇంకా ఎక్కువవుతుంది. 1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లో అనే దంతవైద్యుడి బృందం ఆరోగ్యంగా ఉన్న 12 మంది చేత పళ్లు తోమడం మాన్పించింది. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ల వాపు వచ్చింది. మళ్లీ తోమడం మొదలుపెట్టగానే సుమారు వారంలో తగ్గిపోయింది. వాపు దశలో ఉన్న చిగురు పూర్తిగా కోలుకుంటుందని దీన్నిబట్టే తెలుస్తుంది. ఎముక కరగడం మొదలయ్యాక మాత్రం ఆ కరిగినది తనంతట తాను తిరిగిరాదు, ఉన్నదాన్ని కాపాడుకోవడమే. మీరు ఈ రెండింటిలో ఏ దశలో ఉన్నారో ఉత్తరం చదివి చెప్పలేను, పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

మీ ప్రశ్నలో మీరు మధ్యలో ఎక్కడో ఒక్క ముక్కగా రాసిన విషయమే నన్ను ఎక్కువగా ఆపింది: షుగర్. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు తొందరగా ముదురుతుంది, మానడమూ ఆలస్యమవుతుంది. చిగుళ్లలో ఎప్పుడూ వాపు ఉంటే షుగర్‌ను అదుపు చేయడమూ కష్టమవుతుంది. చిగుళ్లకు సరైన చికిత్స జరిగాక, గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ కొద్దిగానైనా తగ్గుతుందని అధ్యయనాల్లో తేలింది. అందుకే మీరు ఈ పనిని అందం కోసం చేయించుకునే క్లీనింగ్‌లా వాయిదా వేయకండి. ఇంట్లో పొగతాగేవారు ఉంటే వాళ్లకూ ఒక మాట చెప్పండి: పొగ వల్ల చిగుళ్ల రక్తనాళాలు కుంచించుకుపోతాయి, కాబట్టి లోపల జబ్బు ముదిరినా రక్తం పెద్దగా కనిపించదు. రక్తం రావడం లేదంటే చిగుళ్లు బాగున్నాయని కాదు.

క్లినిక్‌లో ఏం జరుగుతుందో చెబుతాను, తెలిస్తే సగం భయం పోతుంది. మొదట డాక్టర్ సన్నటి కొలత కడ్డీని చిగురుకు, పంటికి మధ్య మెల్లగా దింపి లోతు చూస్తారు. 3 మిల్లీమీటర్ల వరకు ఉంటే ఫర్వాలేదు. 4 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే అక్కడ చిగురు పంటిని వదిలి సంచిలా అయిందని అర్థం, అప్పుడు ఎక్స్‌రే తీసి ఎముక ఎంతుందో చూస్తారు. తర్వాత స్కేలింగ్. దీనికి వాడే అల్ట్రాసోనిక్ పరికరం కొన సెకనుకు వేల సార్లు అదురుతూ గారను పగలగొడుతుంది. వేడెక్కకుండా నీళ్లు చిమ్ముతూనే ఉంటాయి, పక్కన సన్నటి గొట్టం ఆ నీళ్లను లాగేస్తుంటుంది. కీచుమనే చప్పుడు చెవికి కాస్త ఇబ్బందిగా ఉంటుంది గానీ, సరిగ్గా వాడితే ఎనామిల్‌కు హాని జరగదు. శరీరంలో అన్నిటికంటే గట్టిది ఎనామిలే. లోతైన సంచులు ఉంటే మత్తు ఇంజక్షన్ ఇచ్చి వేరు మీది గార కూడా తీస్తారు. దాన్ని డీప్ క్లీనింగ్ అంటారు, ఒకే రోజు కాకుండా రెండు మూడు సార్లుగా చేయవచ్చు.

పని అయ్యాక దాదాపు అందరూ చేసేది ఒకటే, నాలుకతో పళ్ల వెనక తడుముకుంటారు. అక్కడ ఏదో పోయినట్టు, పళ్ల మధ్య సందులు పడినట్టు అనిపిస్తుంది. మీకూ అనిపిస్తుంది, కంగారు పడకండి. ఇన్నాళ్లూ గార నిండి ఉన్న చోటు అది. వాచిన చిగురు తగ్గి సర్దుకునేటప్పుడు పంటి మెడ కాస్త బయటపడవచ్చు. కొన్నాళ్లు చల్లటిది తగిలితే జివ్వుమంటుంది. సాధారణంగా కొద్ది రోజుల నుంచి రెండు మూడు వారాల్లో తగ్గుతుంది, సెన్సిటివిటీ పేస్టు వాడితే హాయిగా ఉంటుంది. ఒకటి రెండు రోజులు ఉమ్మిలో కొంచెం ఎర్రగా కనిపించడం మామూలే. రక్తం ఆగకుండా కారినా, వాపు పెరిగినా, జ్వరం వచ్చినా వెంటనే డాక్టర్‌కు చూపించండి. మరో మాట, స్కేలింగ్ చేస్తే పళ్లు తెల్లబడిపోవు. మరకలు పోతాయి, పంటి సహజ రంగు బయటపడుతుంది, అంతే. తెల్లబరచడం వేరే చికిత్స.

వెళ్లే రోజున టిఫిన్, మాత్రలు మానకుండా, ఎప్పటిలాగే వేసుకుని వెళ్లండి. ఈమధ్య చేయించిన షుగర్ రిపోర్టు చేతిలో ఉంచుకోండి. మీరు రాయలేదు గానీ, రక్తం పల్చబడే మందులు వాడుతున్నా, గుండెకు కృత్రిమ కవాటం ఉన్నా, పేస్‌మేకర్ ఉన్నా, గర్భవతి అయినా ముందే చెప్పాలి. వీటిలో చాలావాటికి స్కేలింగ్ ఆపాల్సిన పని ఉండదు, జాగ్రత్తలు మారతాయి. రక్తం పల్చబడే మందులను మాత్రం మీ అంతట మీరు ఆపకూడదు.

ఆరు నెలలకోసారి అందరూ పళ్లు చూపించుకోవాలనేది అందరికీ ఒకేలా వర్తించదు. బ్రిటన్‌లో నైస్ అనే ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకు దంత పరీక్షల మధ్య వ్యవధి మనిషిని బట్టి 3 నెలల నుంచి 24 నెలల వరకు ఉండవచ్చు. షుగర్, రక్తస్రావం రెండూ ఉన్న మీకు మొదటి ఏడాది మూడు నాలుగు నెలలకోసారి రమ్మనే అవకాశం ఎక్కువ. విసుక్కోకుండా వెళ్లండి.

ఇంట్లో చేయాల్సింది రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు, మెత్తటి బ్రష్‌తో, ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో తోమడం. రాత్రి పడుకునే ముందు తోమడం అస్సలు మానకండి. బ్రష్‌ను పంటికి అడ్డంగా కాకుండా కుచ్చు కొసలు చిగురు అంచును తాకేలా ఏటవాలుగా పెట్టి, చిన్నగా కదపండి. కింది ముందు పళ్ల వెనక తోమేటప్పుడు బ్రష్‌ను నిలువుగా పట్టుకుని దాని ముందు భాగంతో ఒక్కో పన్నును కిందినుంచి పైకి లాగండి. మీకు గార పట్టేది అక్కడే కాబట్టి తోమడం అక్కడినుంచే మొదలుపెట్టండి. చాలామంది చివర్లో, చెయ్యి అలిసిపోయాక అక్కడికి వస్తారు. పళ్ల సందుల్లోకి బ్రష్ వెళ్లదు, రోజుకోసారి సందుల బ్రష్ గానీ దారం గానీ వాడాలి, సందుకు సరిపడే సైజు డాక్టర్‌నే అడగండి. వాసన కోసం మౌత్‌వాష్ మీద ఆధారపడకండి. క్లోర్‌హెక్సిడిన్ ఉన్నది ఎక్కువకాలం వాడితే పళ్ల మీద మరకలు పడతాయి, గార ఇంకా ఎక్కువగా కట్టవచ్చు. డాక్టర్ చెప్పినన్ని రోజులే వాడండి.

అపాయింట్‌మెంట్ ఒకటి కాదు, రెండు తీసుకోండి. రెండోది మీ అమ్మగారికి. అయిదేళ్లుగా ఆవిడ డెంటిస్ట్ గడప తొక్కి ఉండరనుకుంటాను. రెండు పళ్లు పోయిన నోట్లో మిగతా వాటి చుట్టూ ఎముక ఎంత మిగిలిందో ఇప్పుడు చూడాలి. క్లీనింగ్‌కు ముందే ఎక్స్‌రే తీసి, ఏ పన్ను ఎంత వదులుగా ఉందో ఆవిడకు అద్దంలో చూపించి చెప్పమని అడగండి. ఆవిడ వద్దంటే మీరు ముందు కూర్చోండి, ఆవిడను పక్కన కూర్చోబెట్టుకోండి.