సంఘం తరఫున వాణిజ్య శాఖకు రాయబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మీ పరిశ్రమల సంఘంలో విదేశీ వాణిజ్య వ్యవహారాలు నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. వాణిజ్య శాఖకు ఇచ్చే మొదటి వినతిపత్రం ఎలా రాయాలని అడిగావు. "మా ఎగుమతులకు ఉన్న అడ్డంకులు తొలగించండి" అన్న వాక్యం మాత్రం అందులో రాయకు. అది ప్రతి సంఘమూ రాసేదే. దాన్ని చేతిలో పట్టుకుని అధికారి అవతలి దేశంతో ఏం మాట్లాడతాడు? ఏ సరుకు, ఏ కోడ్, ఏ దేశం, ఏ నిబంధనలో ఏ క్లాజు, దానివల్ల ఖర్చు ఎంత పెరిగింది, దాని బదులు ఏముంటే మనకు సరిపోతుంది, ఇవన్నీ రెండు పేజీల్లో ఇవ్వు. చర్చల్లో కూర్చునేవాడికి పనికొచ్చేది అదే.

కోడ్ దగ్గర జాగ్రత్త. సుంకాల కోసం సరుకులను వర్గీకరించే హెచ్.ఎస్. కోడ్‌లో మొదటి 6 అంకెలే ప్రపంచమంతటా ఒకటి. ఆ తర్వాతివి ఏ దేశానికి ఆ దేశం పెట్టుకుంటుంది. కాబట్టి మన కోడ్ రాస్తే చాలదు, కొనే దేశం సుంకాల పట్టికలో మన సరుకు ఏ వరుసలో పడుతుందో చూడాలి. చూశాక మూడు ప్రశ్నలు వేసుకో. ఆ దేశం ప్రపంచ వాణిజ్య సంస్థలో ఇంతకు మించనని మాట ఇచ్చిన గరిష్ఠ సుంకం ఎంత? ఇప్పుడు వసూలు చేస్తున్నది ఎంత? మనతో పోటీపడే దేశం ఏదైనా ఒప్పందం వల్ల తక్కువ కడుతోందా? వసూలు చేసేది గరిష్ఠాన్ని మించితే అది మాట తప్పడం, గట్టిగా అడగవచ్చు. లోపలే ఉంటే తప్పు పట్టడానికి లేదు, బేరమాడాల్సిందే. పోటీదారుకి ఒప్పందం ఉంటే మనమూ ఒప్పందం కోరాలి. మూడింటికీ మూడు వేర్వేరు ఉత్తరాలు. అన్నీ కలిపి రాస్తే ఏదీ జరగదు.

అయితే ఈ రోజుల్లో సరుకు సుంకం దగ్గర కన్నా ప్రమాణాలు, లేబుళ్లు, పరీక్షల దగ్గరే ఎక్కువగా ఆగుతుంది. నీ సమయంలో ఎక్కువ భాగం అక్కడే పెట్టు. అంతర్జాతీయ ప్రమాణానికి భిన్నంగా, వ్యాపారం మీద గణనీయంగా ప్రభావం చూపే సాంకేతిక నిబంధన తెస్తున్న సభ్యదేశం, దాన్ని ముసాయిదా దశలోనే ప్రపంచ వాణిజ్య సంస్థకు తెలియజేయాలి. అభిప్రాయాలకు కనీసం 60 రోజులు ఇవ్వమని సిఫారసు ఉంది. ఈ నోటిఫికేషన్లు ఈ-పింగ్ అనే వేదికలో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. మన సరుకుల కోడ్‌లు అందులో పెట్టుకుంటే ఈమెయిల్ వస్తుంది. నిబంధన అమల్లోకి వచ్చాక గగ్గోలు పెట్టడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ముసాయిదా దశలో రాసిన ఒక మంచి పేరా, తర్వాత ఏళ్ల తరబడి తిరిగిన తిరుగుడు కన్నా ఎక్కువ పని చేస్తుంది. నిబంధన మొత్తం వద్దని రాయకు. ఏ పరీక్ష పద్ధతి ఒప్పుకోవాలో, ఎంత వ్యవధి కావాలో రాయి. ప్రకటనకూ అమలుకూ మధ్య మామూలుగా 6 నెలలకు తగ్గకుండా వ్యవధి ఉండాలని 2001లో దోహాలో ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్యదేశాల మంత్రులు నిర్ణయించారు, అది గుర్తుచెయ్యి.

పెరూ సార్డీన్ చేపల కథ నీకు తెలిసి ఉండాలి. యూరప్ సంఘం (ఇప్పటి యూరోపియన్ యూనియన్) 1989 నాటి నిబంధన ప్రకారం అప్పట్లో ఒక్క సార్డినా పిల్చార్డస్ జాతి చేపను డబ్బాలో పెడితేనే దాన్ని సార్డీన్ అని అమ్మాల్సి ఉండేది. పెరూ పట్టేది సార్డినాప్స్ సేగాక్స్. అంతర్జాతీయ ఆహార ప్రమాణమైన కోడెక్స్ మాత్రం దేశం పేరో ప్రాంతం పేరో జాతి పేరో చేర్చి సార్డీన్ అనవచ్చంది. పెరూ 2001లో ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేసి, 2002లో అక్కడి విచారణ ప్యానెల్ దగ్గరా అప్పీలు దగ్గరా గెలిచింది. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చేది పెరూ సమర్పించిన ఒక ఉత్తరం. అది బ్రిటన్ వినియోగదారుల సంఘం రాసినది. యూరప్ నిబంధన కొనేవాళ్ల ప్రయోజనాలకే విరుద్ధమని కొనేవాళ్ల తరఫు సంఘమే చెప్పింది. అమ్మేవాడు వంద పేజీలు రాసినా ఆ బరువు రాదు. అందుకే మన సరుకు కొనే దిగుమతిదారులు, దాన్ని ముడిసరుకుగా వాడే ఫ్యాక్టరీలు, అక్కడి వినియోగదారుల సంఘాలు ఎవరో ముందే తెలుసుకో. వాళ్ల ప్రభుత్వం వాళ్ల మాటే ముందు వింటుంది.

ఓడిన కేసు కూడా చదువు. జపాన్ మార్కెట్లో కెమెరా ఫిల్మ్ అమ్మకాలకు దారులు మూసేశారని అమెరికా కంపెనీ కొడాక్ 1995లో అమెరికా ప్రభుత్వానికి ఫిర్యాదు చేసింది. అమెరికా దాన్ని ప్రపంచ వాణిజ్య సంస్థకు తీసుకువెళ్లింది. 1998లో ప్యానెల్ ఆ వాదనలు ఒప్పుకోలేదు. జపాన్ ప్రభుత్వ చర్యల వల్లే దిగుమతి ఫిల్మ్‌కు నష్టం జరిగిందని నిరూపణ కాలేదు. కాబట్టి సభ్యుడెవరైనా మొర పెట్టుకున్నప్పుడు, అడ్డుపడుతున్నది ప్రభుత్వ నిబంధనా, అక్కడి డీలర్ల అలవాటా అని మొదట తేల్చుకో. ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేయగలిగేది ప్రభుత్వాలే, కంపెనీలు కావు. పైగా అక్కడి అప్పీలు విభాగం 2019 డిసెంబరు నుంచి కొత్త కేసులు వినలేని స్థితిలో ఉంది. కేసు వేయిస్తామని సభ్యులకు ఆశ పెట్టకు.

స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కుదిరితే చాలనుకునేవాళ్లు సంఘంలో ఉంటారు. సుంకం సున్నా అయినా, సరుకు ఇక్కడే తయారైందని నిరూపించే మూల నిబంధనలు కఠినంగా ఉంటే ఆ సున్నా కాగితం మీదే మిగులుతుంది. చర్చలు మొదలవకముందే సభ్యుల దగ్గరకు వెళ్లి, విడిభాగాలు ఎక్కడి నుంచి తెస్తున్నారో, విలువలో ఎంత భాగం ఇక్కడ కలుస్తోందో అడుగు. పెద్ద కంపెనీలు అడగకముందే చెప్తాయి. చిన్నవాళ్లు మీటింగులకు రారు, వాళ్ల దగ్గరకు నువ్వే వెళ్లాలి. వాళ్లను వదిలేసి రాసిన వినతిపత్రం సంఘానిది కాదు, నలుగురిది.

ఇంకో కష్టమైన విషయం. బయటి తలుపులు తెరవమంటూనే మన తలుపులు మూసి ఉంచమనే సభ్యులు ఉంటారు. చర్చల బల్ల మీద అవతలివాళ్లు మొదట అడిగేది దీని గురించే. మనం ఏది వదులుకోగలమో, ఏది వదులుకోలేమో సంఘం లోపలే పోట్లాడి తేల్చుకోండి. ఏకాభిప్రాయం రాకపోతే రాలేదనే రాయి. దాచినా ఒప్పుకోని వర్గం వేరే దారిలో అధికారి దగ్గరకు వెళుతుంది, అప్పుడు నీ మాటకు విలువ ఉండదు. నష్టాల అంకెలు కూడా అంతే. అంచనా అయితే అంచనా అని రాయి, లెక్క కట్టిన పద్ధతి పక్కనే చూపించు.

ఈ నెలలో వినతిపత్రం ముట్టుకోకు. సభ్యుల్లో ఎవరి సరుకు ఏ రేవులో ఎందుకు ఆగిందో, తిరస్కరించిన కాగితంలో ఏ కారణం రాశారో పోగుచెయ్యి. వాటిలో ఎక్కువమందికి తగిలిన ఒక్కదాన్ని తీసుకుని ముసాయిదా రాసి నాకు పంపు. కాగితాల నకళ్లు కూడా జతచెయ్యి, అవి లేకుండా నేను ఏమీ చెప్పలేను.

నీ పెదనాన్న