చివరి ఇంటి కుళాయి దగ్గర మొదలుపెట్టు

తమ్ముడూ,

నీళ్ల కమిటీ బాధ్యత నీకు అప్పగించారని విన్నాను, సంతోషం. ఏ ఫిల్టర్ పెట్టిస్తే మంచిదని అడిగావు. ఆ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇది చెప్పు, మీ పైపులైను ఎక్కడైతే ఆగిపోతుందో ఆ చివరి ఇంటి కుళాయిలో ఇవాళ క్లోరిన్ ఎంత ఉంది? తెలియదు కదా. ఈ పనిలో నువ్వు రోజూ తెలుసుకోవాల్సింది ముందు అదే.

ట్యాంకు దగ్గర నిలబడి నీళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయని ఎవరైనా చెప్తారు. ట్యాంకు నుంచి ఆ చివరి ఇంటికి చేరేలోపు ఎన్ని జాయింట్లు, ఎన్ని లీకులు ఉన్నాయో చూశావా? నీళ్లు వదిలినప్పుడు లీకులోంచి బయటికి చిమ్ముతాయి, అది అందరికీ కనిపిస్తుంది. సరఫరా ఆపేశాక పైపులో ఒత్తిడి పడిపోయి అదే కంతలోంచి చుట్టూ ఉన్న మురుగు లోపలికి పోతుంది, అది మాత్రం ఎవరి కంటా పడదు. అందుకే మురుగు కాలవ పక్కన చెమ్మగా కనబడే చిన్న లీకుని ముందు బాగుచేయించు, రోడ్డు మధ్యలో ఎగజిమ్మే పెద్ద లీకు ఒక రోజు ఆగినా పర్లేదు. జనం పెద్దదాని గురించే గోల చేస్తారు, చేయనీ. పైపుకి నేరుగా మోటారు బిగించి లాగేవాళ్లతో కూడా ఇదే తంటా, వాళ్లు లాగినప్పుడు పక్కిళ్ల లైన్లో ఒత్తిడి పోతుంది. వాళ్లతో గొడవ ఎలాగూ తప్పదు, అదేదో మొదటి నెలలోనే పెట్టేసుకో.

ఇక క్లోరిన్. డీపీడీ మాత్రలతో (క్లోరిన్ ఉంటే నీళ్లని గులాబీ రంగుకి మార్చేవి) వచ్చే చిన్న టెస్ట్ కిట్ ఒకటి కొనిపించు. కుళాయి కాసేపు వదిలి, కిట్‌లోని చిన్న గొట్టాన్ని ఆ నీళ్లతోనే కడిగి, గీత దాకా పట్టి, మాత్ర వేసి కరిగాక పగటి వెలుతురులో వెంటనే రంగు చూడాలి. ఆలస్యమైతే గులాబీ రంగు ముదిరి, ఉన్నదానికంటే ఎక్కువ క్లోరిన్ ఉన్నట్టు చూపిస్తుంది. ఇంకో తిరకాసు కూడా ఉంది, మాత్ర వెయ్యగానే రంగు వచ్చి ఠక్కున మాయమైతే క్లోరిన్ లేదనుకోకు, మరీ ఎక్కువైనా అలాగే జరుగుతుంది, క్లోరిన్ లేని శుభ్రమైన నీళ్లు కలిపి మళ్లీ చూడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం క్లోరిన్ కలిపిన అరగంటకి లీటరుకి 0.5 మిల్లీగ్రాములు, ఇంటి కుళాయి దగ్గరికి వచ్చేసరికి కనీసం 0.2 అయినా మిగలాలి.

మోతాదు లెక్క కష్టమేమీ కాదు. 10,000 లీటర్ల ట్యాంకులో లీటరుకి 2 మిల్లీగ్రాముల చొప్పున వెయ్యాలంటే 20 గ్రాముల క్లోరిన్ కావాలి. తాజా బ్లీచింగ్ పౌడర్లో దాదాపు మూడో వంతు క్లోరిన్ ఉంటుంది కాబట్టి 60 గ్రాములు తూచాలి. కానీ మూతి విప్పి మూల పడేసిన సంచిలో ఆ బలం ఉండదు, పాత సంచిలోంచి అవే 60 గ్రాములు వేసి టెస్ట్‌లో రంగు రావట్లేదేంటని తల పట్టుకోవడం ఇక్కడే మొదలవుతుంది. ప్లాస్టిక్ బకెట్లో నీళ్లు పోసి, అందులో పొడి కలిపి, సున్నం అడుగుకి దిగాక పైన తేరిన నీళ్లే ట్యాంకులో పొయ్యి. గ్లవ్స్, మాస్కు లేకుండా ముట్టుకోకు, యాసిడ్ సీసాల దగ్గర అస్సలు పెట్టకు.

అదే పౌడరు, అదే మోతాదు, అయినా ఒక రోజు ఉన్నట్టుండి చివరి కుళాయిలో క్లోరిన్ పడిపోయిందనుకో. ఇంకో గుప్పెడు వేసి చేతులు దులుపుకోకు. లోపల ఏదో చేరి దాన్ని తినేస్తోందని అర్థం, అది ఏమిటో వెతుకు. పెద్ద వాన పడ్డ మర్నాడు మరీ జాగ్రత్త. నీళ్లు బురదగా ఉంటే క్లోరిన్ ఎంత వేసినా క్రిములు ఆ మట్టి రేణువుల చాటున బతికేస్తాయి, ముందు తేటపడాలి.

కెనడాలో వాకర్టన్ అని చిన్న ఊరు, జనాభా 5,000 లోపే. 2000 మే నెలలో భారీ వానలకి పశువుల పేడ ఎరువు ఒక లోతులేని బావిలోకి దిగింది. ఊళ్లో దాదాపు 2,300 మంది జబ్బు పడ్డారు, ఏడుగురు చనిపోయారు. తర్వాత విచారణలో తేలింది ఏమిటంటే, అక్కడ క్లోరిన్ పరీక్ష సరిగ్గా చెయ్యకుండానే రిజిస్టర్లో 0.5, 0.75 అని రాసుకుంటూ పోయేవాళ్లట. మీ రిజిస్టర్లో కూడా రోజూ ఒకే అంకె కనిపిస్తే ఆ రాసేవాడితో కలిసి ఒకసారి కుళాయి దగ్గరికి వెళ్లు. సున్నా వస్తే సున్నా అనే రాయమను, సున్నా రాసినందుకు మాత్రం ఎవరినీ తిట్టకు, తిడితే రేపట్నుంచి 0.5 రాస్తాడు.

క్లోరిన్ అన్నిటికీ మందు కాదు. ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్ దాంతో పోవు, మరిగించినా పోవు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడతాయి. వీటికి ల్యాబ్ పరీక్షే గతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు, నైట్రేట్ 50, ఆర్సెనిక్ 0.01 దాటకూడదు. ఫిల్టర్ ప్రశ్నకి జవాబు ఈ రిపోర్ట్ వచ్చాకే దొరుకుతుంది. ఈలోపు ఎవరో టీడీఎస్ మీటరు పట్టుకొచ్చి అంకె చూపించి భయపెడతారు. అది నీళ్లలో ఉప్పులు ఎంత ఉన్నాయో చెప్తుంది అంతే, క్రిముల గురించి దానికేం తెలీదు. తక్కువ టీడీఎస్ చూసి మురిసిపోవడమూ అంతే దండగ.

క్రిముల పరీక్షకి ల్యాబ్ వాళ్లిచ్చే సీసాలోనే పట్టు. అందులో ఉండే కాస్త మందు క్లోరిన్‌ని ఆపడానికే, మురికి అనుకుని కడిగెయ్యకు. మూత లోపల వేలు తగలనివ్వకు, చల్లగా ఉంచి అదే రోజు చేర్చు. 100 మిల్లీలీటర్లలో ఈ-కోలి, అంటే నీళ్లలో మలం కలిసిందని చెప్పే క్రిమి, ఒక్కటి కూడా ఉండకూడదు.

ఒకే వీధిలో రెండు మూడు ఇళ్లలో విరేచనాలని తెలిస్తే మాత్రం రిపోర్ట్ కోసం కూర్చోకు, దానికి ఒక రోజైనా పడుతుంది. నీళ్లు తెర్లనిచ్చి కనీసం ఒక నిమిషం మరగబెట్టి తాగమని అప్పటికప్పుడే ఇంటింటికీ చెప్పించు, ఆరోగ్య సిబ్బందికి ఫోన్ చెయ్యి. అనవసరంగా టెన్షన్ పెట్టావని తర్వాత నలుగురూ అంటే పడు. మరిగించడం ఎప్పుడు ఆపొచ్చో కూడా నువ్వే చెప్పాలి, లేకపోతే రెండు రోజులకి ఎవరికి వాళ్లే మానేస్తారు.

కిట్ రాగానే ఒక వారం రీడింగులు రాసి, పైపులైను బొమ్మ చేత్తో గీసి పంపు. వంకరగా ఉన్నా పర్లేదు, కాలవ ఎటు పోతుందో మాత్రం తప్పకుండా గుర్తుపెట్టు.