చెరువు ఒడ్డు పొలాన్ని గుడారాలకు ఇవ్వవచ్చా? తాజంగి వైపు మా అనుభవం

ఏజెన్సీలో చెరువును ఆనుకొని ఉన్న మీ ఊరికి రెండు శీతకాలాలుగా పర్యాటకులు వస్తున్నారని, మైదానం నుంచి వచ్చిన ఒక వ్యాపారి మీ నాన్నగారి పొలంలో గుడారాలు వేసుకొని ఏడాదికి ఇంత అని ఇస్తానంటున్నారని, ఒప్పుకోవచ్చా అని మీరు అడిగారు. లంబసింగి, తాజంగి వైపు వారికి ఈ రాకపోకల వల్ల మేలు జరిగిందా అని కూడా అడిగారు. మా కుటుంబం అచ్చం ఇలాంటి కాగితం మీదే సంతకం చేసి నష్టపోయింది కనుక కాస్త వివరంగా రాస్తున్నాను. నా మాట ముందే చెబుతాను: పర్యాటకులను రానివ్వండి, వారి వల్ల వచ్చే డబ్బును మీరే సంపాదించుకోండి, పొలాన్ని మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి.

నేను పుట్టింది అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, తాజంగి జలాశయానికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక పల్లెలో. మాది కొండదొర అనే గిరిజన తెగకు చెందిన కుటుంబం. నా చిన్నతనంలో ఆ నీటి దగ్గరికి పశువులను తోలుకెళ్లేవారు, బట్టలు ఉతుక్కునేవారు, వల వేసుకునే మా మావయ్యలాంటి వారు తప్ప మరెవరూ కనిపించేవారు కాదు. మా ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంటుంది. లంబసింగిని మా పెద్దలు కొర్రబయలు అంటారు. కొర్ర అంటే కర్ర, రాత్రి ఆరుబయట ఉండిపోయిన మనిషి తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని దాని అర్థం. డిసెంబరు, జనవరి నెలల్లో సరైన కప్పు లేని ఇళ్లలో పిల్లలందరం పొయ్యి చుట్టూ ముడుచుకొని పడుకునేవాళ్లం. మమ్మల్ని అంతగా వణికించిన ఆ చలిని చూడడానికి జనం డబ్బు ఖర్చుపెట్టుకొని వస్తారని అప్పట్లో ఎవరైనా చెబితే మా అమ్మ నమ్మేది కాదు.

ఓ పుష్కరకాలంగా ఆ రాక పెరుగుతూ వచ్చింది. టీవీల్లోనూ ఫోన్లలోనూ పొగమంచు ఫోటోలు చూసినవారు శనివారం అర్ధరాత్రి విశాఖపట్నం, రాజమహేంద్రవరం వైపుల నుంచి బయలుదేరి, నర్సీపట్నం మీదుగా ఘాట్ ఎక్కి, తెల్లవారకముందే లంబసింగికి చేరుకుంటారు. చెరువులవేనం కొండ మీద మబ్బులు చూసి, ఎండ పొడ తగిలాక తాజంగి జలాశయం దగ్గరికి వచ్చి, మధ్యాహ్నానికల్లా తిరుగుముఖం పడతారు. ఆ కొండదారి గురించి ఒక్క మాట చెప్పాలి. నూరేళ్ల కిందట ఈ కొండల్లో రోడ్డు పనికి మా వాళ్లను తోలి, కూలి సరిగా ఇవ్వక కొట్టి చేయించుకున్నారన్న కోపం అల్లూరి సీతారామరాజు నడిపిన పితూరీకి, అంటే తిరుగుబాటుకు, ఉన్న కారణాల్లో ఒకటి. 1922 ఆగస్టు 22న ఆయన దళం మొదట దాడి చేసింది మా చింతపల్లి పోలీసు స్టేషన్ మీదే. అందువల్ల మా ఊళ్లలో ముసలివారు కొత్త రోడ్డుగానీ కొత్త కట్టడంగానీ వస్తోందంటే ముందు అది ఎవరి కోసమని అడుగుతారు. ఆ ప్రశ్న వేయడం మా ఇంట్లో మేము మరిచిపోయాం.

మా నాన్నకు జలాశయం వైపు వాలుగా ఎకరంన్నర మెట్ట ఉంది. దానిలో వలిసెలు అనే నూనెగింజలు, రాజ్‌మా వేసేవారు. దాని కిందనే మా వరి మడి. ఒక శీతకాలంలో ఒక పెద్దమనిషి వచ్చి, మూడేళ్లకు ఒప్పందమని, ఏటా సంక్రాంతికి ముందే డబ్బు చేతిలో పెడతానని చెప్పి, స్టాంపు కాగితం మీద రాయించుకున్నారు. కాగితంలో ఆయన పేరు లేదు. పక్క ఊరి గిరిజన కుర్రవాడి పేరు ఉంది. ఆ కుర్రవాడికి నెలకింత జీతం, అంతే. మొదటి ఏడు డబ్బు మొత్తం ఇచ్చారు, రెండో ఏడు సగం ఇచ్చారు, మూడో ఏడు ఫోను ఎత్తడం మానేశారు. ఇంతలో పశువులు నీళ్లకు దిగే తోవకు అడ్డంగా కంచె పడింది. మా ఆవులను, ఇరుగుపొరుగు వారి ఆవులను చుట్టూ తిప్పి తోలుకెళ్లవలసి వచ్చింది, దానితో ఊరిలో మా నాన్న మాట పడ్డారు. డబ్బు పోయినందుకంటే ఆయన దానికే ఎక్కువ బాధపడ్డారు.

ఆ ఆషాఢంలో ఊడ్పులకు మడి దమ్ము చేస్తుండగా మా అమ్మ అరచేతిలో సీసా పెంకు దిగింది. పైపొలంలో నెగడు చుట్టూ కూర్చొని తాగిన వారు పగలగొట్టి పారేసిన సీసాలు వానకు వాలు వెంట కొట్టుకొచ్చి మడిలో దిగబడ్డాయి. బురద కడుక్కొని చూస్తే బొటనవేలి మొదలు నుంచి చిటికెన వేలి దాకా అడ్డంగా తెగి ఉంది. ఆవిడ పసుపు అద్ది, చీర చెంగు చింపి కట్టుకొని, నారు ఎండిపోతుందని మళ్లీ మడిలోకి దిగింది. ఆ సాయంత్రం మేం నలుగురం నీళ్లు తీసేసి, బురదను పిడికిలి పిడికిలిగా పిసికి చూస్తూ, ఎరువుల సంచికి సగం దాకా పెంకులు ఏరాం. పైపొలంలో బళ్లు తిరిగిన చోట, గుడారాలు వేసిన చోట నేల బిగుసుకుపోయి, ఆ ఏడు నాగలి దిగలేదు. చల్లిన వలిసెలు అక్కడక్కడా మొలిచాయి.

మిగిలిన డబ్బు ఇప్పించమని మా నాన్న కాగితం పట్టుకొని తిరిగినప్పుడు అసలు సంగతి తెలిసింది: ఆ కాగితమే చెల్లదు. మన ఏజెన్సీనే చట్టంలో షెడ్యూల్డ్ ప్రాంతం అంటారు. ఆ షెడ్యూల్డ్ ప్రాంతాల భూబదలాయింపు నిబంధనను 1959లో తెచ్చి, 1970లో సవరించి గట్టి చేశారు. మనందరం 1/70 చట్టం అనేది దానినే. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనుల భూమిని గిరిజనేతరులకు అమ్మడం ఒక్కటే కాదు, కౌలుకు ఇవ్వడం, తాకట్టు పెట్టడం కూడా అందులో బదలాయింపు కిందికే వస్తాయి, అవేవీ చెల్లవు. ఇక్కడ గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి ఏదైనా, అది గిరిజనుడి దగ్గర నుంచి వచ్చినదేనని చట్టం ముందుగా అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవలసిన భారం అతనిదే. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకొక అడుగు ముందుకు వేసి, ఈ ప్రాంతాల్లో ప్రభుత్వం కూడా తన భూమిని గిరిజనేతరులకు లీజుకు ఇవ్వకూడదని తీర్పు చెప్పింది. ఆ కేసు మొదలైంది మన బొర్రా ప్రాంతపు గనుల లీజుల నుంచే. మీది ఆంధ్రా, తెలంగాణా అన్నది మీరు రాయలేదు. ఈ చట్టం రెండు రాష్ట్రాల ఏజెన్సీలోనూ అమల్లో ఉంది. కాబట్టి ఆ వ్యాపారి భాగస్వామ్యం అన్నా, నిర్వహణ ఒప్పందం అన్నా, మీ బంధువుల కుర్రవాడి పేరున రాసుకుందాం అన్నా, పొలం ఆయన చేతికి వెళ్లే పక్షంలో దాని సారం ఒక్కటే. చట్టం మీ పక్షాన ఉన్నా, ఆయన డబ్బు ఎగ్గొట్టిన రోజున చెల్లని కాగితంతో దానిని రాబట్టుకోవడం మీకు చాలా కష్టం. మేము రాబట్టుకోలేకపోయాం.

ఇక మేలు జరిగిందా అన్న రెండో ప్రశ్న. జరిగింది, దానిని కాదనడం న్యాయం కాదు. మా పిన్ని రోడ్డు పక్కన నాలుగు వెదుళ్లు పాతి, తాటాకు కప్పి, టీ, చోడి అంబలి, బొంగులో చికెన్ అమ్మడం మొదలుపెట్టింది. ఆ డబ్బుతోనే కూతురిని నర్సింగులో చేర్పించింది. ఇదివరకు సంతలో వ్యాపారి చెప్పిన ధరకే ఇచ్చివేసే రాజ్‌మా, మిరియాలు, కాఫీ గింజలు ఇప్పుడు కొంతవరకైనా వాకిట్లోనే మంచి ధరకు పోతున్నాయి. లంబసింగి చుట్టుపక్కల స్ట్రాబెర్రీ వేసినవారికీ ఈ గిరాకీయే ఆసరా. విశాఖలో కాపలా ఉద్యోగాలకు వెళ్లిన కుర్రవాళ్లు శీతకాలానికి ఇంటికి వస్తున్నారు. అయితే లెక్క వేసి చూడండి: నవంబరు మధ్య నుంచి జనవరి చివరి దాకా, శనివారం రాత్రి నుంచి ఆదివారం మధ్యాహ్నం వరకు. ఏడాది మొత్తానికి పదీ పన్నెండు ఆదివారాలు, నాలుగు పండుగ సెలవులు. మిగిలిన రోజుల్లో మన కడుపు నింపేది వరి మడి, చోళ్లు, కాఫీ తోట. పన్నెండు ఆదివారాల కోసం ఏడాది పొడుగునా తిండి పెట్టే నేలను వదులుకోవద్దని నేను గట్టిగా అనేది అందుకే.

మా ధింసా నృత్యం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ ఊరిలోనూ దానిని ఆడమని అడుగుతారు. పెళ్లిళ్లకు, పండుగలకు చేయి చేయి పట్టుకొని మా ఆడవాళ్లు ఆడే ఆటను రాత్రి పది గంటలకు, మంచు కురుస్తున్న వేళ, గుడారాల ముందు ఆడించడం మొదలైంది. ఒకసారి ఫోనులో సరిగా పడలేదని మళ్లీ మొదటి నుంచి ఆడమన్నారు. మా అక్క కూతురు ఏడుస్తూ ఇంటికి వచ్చింది. ఆ తర్వాత మా ఆడవాళ్లే కూర్చొని మాట్లాడుకున్నారు. చీకటి పడ్డాక ఆడరు, గుడారాల దగ్గరికి వెళ్లరు, ఊరి నడుమ రచ్చ దగ్గర సాయంత్రం ఒక్కసారే ఆడతారు, ముందుగా అందరి వాటా లెక్కగట్టి డబ్బు తీసుకుంటారు. ఇష్టం లేని రోజున లేదు. చూడడానికి వచ్చినవారిలో ఎక్కువమంది దీనికి సంతోషంగానే ఒప్పుకున్నారని నా అనుభవం. ఎదుటివారికి మర్యాద తెలియదని మనం ముందే అనుకోనక్కరలేదు, చెప్పవలసింది చెబితే వింటారు.

కంచె తీయించాక మా పొలంలో మేమే గుడారాలు వేశాం. నేను, చిన్నాన్న కొడుకులిద్దరూ కలిసి ఎనిమిది కొన్నాం. వలిసెలు కోసి, నూర్చి, చేను ఖాళీ అయ్యాకే వేస్తాం, శివరాత్రి లోపల పీకేస్తాం. బళ్లు పొలంలోకి రావు, రోడ్డు మీదే ఆగుతాయి. ఊటకు దూరంగా రెండు మరుగుదొడ్లు కట్టాం. దీనికి పెట్టిన ఖర్చు గుడారాల ఖర్చుకంటే ఎక్కువైంది, అయినా మొదట కట్టవలసినవి అవే, ఎందుకంటే వందలమంది తెల్లవారుజామున చెరువు గట్టుకు వెళితే ఆ నీళ్లే మళ్లీ మన పశువులు తాగుతాయి. వంట మహిళా సంఘానిది. మొదటి ఏడు గాలికి మూడు గుడారాలు చిరిగిపోయాయి, ఫోను సిగ్నలు లేక ముందుగా అడిగినవారికి జవాబు చెప్పలేకపోయాం, పెట్టుబడి కూడా తిరిగి రాలేదు. రెండో ఏడు వచ్చింది. అయితే ఊరిలో కొత్త గొడవ పుట్టింది: నీటి ఒడ్డున భూమి ఉన్నవారికే ఆదాయం, పైవీధి వారికి చెత్త, దుమ్ము మాత్రమే. నెలల తరబడి మాటలు లేకుండా పోయాక, బళ్లు నిలిపే చోటు వసూలును ఇంటికి ఒక ఆదివారం చొప్పున వంతులు వేసుకున్నాం. ఈ వంతుల పద్ధతిని మీరు మొదటి ఏడే పెట్టుకోండి. ఆదాయం మొదలయ్యాక ఒప్పించడం చాలా కష్టం.

చెరువు సంగతి పొలం సంగతి కంటే వేరు. పంచాయతీ పాలనను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన 1996 నాటి పీసా చట్టం ఈ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళికను, నిర్వహణను పంచాయతీలకు అప్పగించమంటుంది; ప్రతి ఆవాసానికీ తన గ్రామసభ ఉండవచ్చని కూడా అంటుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టంలో నీటి వనరుల్లోని చేపల మీద, పశువుల మేత మీద ఊరి ఉమ్మడి హక్కును గుర్తించే వీలుంది. కాబట్టి బోట్లు రాకముందే గ్రామసభ పెట్టించి, పశువులు దిగే తోవ ఏది, బట్టలుతికే రేవు ఏది, వలలు వేసే వేళ ఏది, ఎక్కడిదాకా బళ్లు రావచ్చు అన్నవి తీర్మానంలో ఒక్కొక్కటిగా రాయించండి. మా జలాశయంలో బోటు షికారు వచ్చాక మా మావయ్యలాంటి వారు చీకటితోనే వలలు తీసుకొని వచ్చేయవలసి వస్తోంది. ముందుగా రాయించుకొని ఉంటే ఒక మూలను వలలకు వదిలేవారేమో. తీర్మానం చదివి వినిపించేటప్పుడు ముసలివారిని, ఆడవారిని ముందు కూర్చోబెట్టండి, తోవల పేర్లు, రేవుల పేర్లు వారికే తెలుసు.

మీ నాన్నగారి పొలానికి ఉన్నది పట్టానా, అటవీ హక్కుల పత్రమా అన్నది మీరు రాయలేదు. అటవీ హక్కుల పత్రమైతే ఆ హక్కు పిల్లలకు సంక్రమిస్తుందే తప్ప ఎవరికీ బదలాయించడానికి వీలు లేదని ఆ చట్టంలోనే ఉంది. సంతకం అడిగిన పెద్దమనిషికి ఆ ఒక్క మాట చూపించవచ్చు. పట్టా అయితే వ్యాపారి ఇచ్చిన కాగితం నకలు ఒకటి దగ్గర పెట్టుకొని, అందులో ఎవరి పేరున రాయించమంటున్నారో, ఏ మాట వాడారో ఇక్కడ తెలియజేయండి. మా కాగితం ఇంకా ఇంట్లోనే ఉంది, రెండూ పక్కపక్కన పెట్టి చూసి చెబుతాను.