డాలస్ చలిలో కరెంటు పోతే: జనరేటర్ కొనబోయే ముందు

తమ్ముడూ, నువ్వు మొన్న ఫోన్‌లో అడిగిన ప్రశ్నే ఈ మధ్య కొత్తగా ఇల్లు కొన్న మరో నలుగురు అడిగారు, అందుకని అందరికీ పనికొచ్చేలా కాస్త వివరంగా రాస్తున్నాను. డాలస్ దగ్గర సెలీనాలో కొత్త ఇల్లు, జనవరిలో మీ ఆవిడ డెలివరీ, దానికి నెల ముందే ఖమ్మం నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, ఇంతలో ఒక కంపెనీ అతను వచ్చి ఇల్లంతటికీ సరిపోయే 22 కిలోవాట్ల జనరేటర్‌కి 14 వేల డాలర్లు చెప్పాడు, తీసుకోవాలా వద్దా అని కదా నీ ప్రశ్న. ఇప్పుడే సంతకం పెట్టకు. ముందు మీ ఇంట్లో హీటింగ్ దేనిమీద నడుస్తుందో చూడు. అది గ్యాస్ ఫర్నేస్ (గ్యాస్‌తో గాలిని వేడి చేసి గదుల్లోకి పంపే యంత్రం) అయితే మీకు ముఖ్యంగా కావలసింది ఆ ఫర్నేస్‌లో ఫ్యాన్ తిరగడానికి చాలినంత కరెంటు. ఇల్లంతటికీ కాదు.

మనవాళ్ళకి కరెంటు పోవడం కొత్త కాదు. ఊళ్ళో ఇన్వర్టర్, ఒక 150 ఏహెచ్ బ్యాటరీ ఉంటే రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, టీవీ నడిచిపోతాయి, అంతకంటే ఏం కావాలి అన్న ధీమాతో ఇక్కడికి వస్తాం. నేనూ అలాగే అనుకున్నాను, 2021 ఫిబ్రవరి దాకా. ఇక్కడ చలికాలంలో కరెంటు పోతే చీకటి ఒక సమస్యే కాదు. ఇల్లు గంట గంటకూ చల్లబడిపోతుంది, తర్వాత అటకమీది నీళ్ళ పైపులు గడ్డకట్టి పగులుతాయి.

ఆ ఫిబ్రవరి 15న తెల్లవారుజామున ఒంటిగంట దాటాక, టెక్సాస్ గ్రిడ్‌ని నడిపే సంస్థ ఎర్కాట్ రాష్ట్రమంతటా కరెంటు కోతలకు ఆదేశించింది. వంతులవారీగా తీస్తాం అన్నారు కాబట్టి గంటలో వచ్చేస్తుందని పడుకున్నాం. మాకు వచ్చింది మర్నాడు సాయంత్రం. టెక్సాస్‌లో ఎక్కువ భాగానికి గ్రిడ్ దేశంలోని మిగతా రెండు పెద్ద గ్రిడ్లతో కలవకుండా విడిగా ఉంటుంది, అందుకని బయటినుంచి తెచ్చుకోగలిగిన కరెంటు చాలా తక్కువ. గ్యాస్ బావులు, పైపులు, పవర్ ప్లాంట్లు అన్నీ ఒకేసారి చలికి దెబ్బతిన్నాయి. ఇంకో 4 నిమిషాల 37 సెకన్లు అలాగే సాగితే గ్రిడ్ మొత్తం కుప్పకూలేదని తర్వాత తెలిసింది. 16వ తేదీ ఉదయం డాలస్ డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్ట్ దగ్గర మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 19 సెల్సియస్. మా హాల్లో 43 ఫారెన్‌హీట్, అంటే 6 సెల్సియస్. పిల్లలిద్దరినీ మధ్యలో పడుకోబెట్టుకుని, ఇంట్లో ఉన్న బొంతలన్నీ కప్పుకుని, ఫోన్ బ్యాటరీ చూసుకుంటూ గడిపిన ఆ రాత్రి నాకు ఇంకా గుర్తుంది. రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్క ప్రకారం ఆ తుఫానులో 246 మంది చనిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది చలివల్లే.

ఆ తర్వాత పవర్ ప్లాంట్లు చలికి తట్టుకునేలా ఏర్పాట్లు చేసుకోవాలని చట్టం చేశారు, 2024 జనవరి చలిలో గ్రిడ్ నిలబడింది కూడా. కానీ గ్రిడ్ బాగున్నా వీధిలో తీగ తెగొచ్చు. 2023 ఫిబ్రవరిలో ఆస్టిన్‌లో మంచు బరువుకి చెట్ల కొమ్మలు విరిగి తీగలమీద పడి కొందరికి వారం దాకా కరెంటు లేదు. హ్యూస్టన్‌లో 2024 జులైలో బెరిల్ తుఫానుకి 22 లక్షలకు పైగా కనెక్షన్లు పోయాయి, అది మండు వేసవి కాబట్టి అక్కడ బాధంతా ఏసీ లేకే. అందుకని ఏదో ఒక ఏర్పాటు ఉండాల్సిందే, అందులో నీతో నాకు వాదన లేదు.

కానీ జనరేటర్ కంటే ముందు కొనాల్సింది ఒకటుంది, కార్బన్ మోనాక్సైడ్ అలారం. బ్యాటరీ మీద కూడా పనిచేసేది తీసుకో, ప్రతి అంతస్తులో ఒకటి, పడకగదుల బయట ఒకటి పెట్టు. ఇంట్లో ఇప్పటికే ఉంటే బటన్ నొక్కి చూడు, వెనకాల తేదీ చూడు, వాటికి కాలం చెల్లుతుంది. ఇది ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. 2021లో మా పక్క వీధిలో ఒక తెలుగు కుటుంబం గరాజ్‌లో బొగ్గుల గ్రిల్ వెలిగించి, ఇంట్లోకి తలుపు తీసిపెట్టి, ఆ వేడికి కూర్చున్నారు. పెద్దావిడకి తలనొప్పి, వికారం మొదలైతే పైత్యం చేసిందనుకుని నిమ్మకాయ నీళ్ళిచ్చారు. అలారం మోగబట్టి అందరూ బయటికి పరుగెత్తారు, బతికారు. ఆ వాయువుకి రంగుండదు, వాసనుండదు. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వచ్చేలా ఉండటం ఒకేసారి ఇద్దరు ముగ్గురికి వస్తే అది తిండి వల్లే అనుకోవద్దు, వెంటనే బయటికి వచ్చి 911కి ఫోన్ చేయాలి.

మీ ఇంట్లో ఇంకో విషయం కూడా చూసుకోవాలి. అమ్మ డెలివరీకి వస్తున్నారు కాబట్టి బాలింతకి, పసిపిల్లకి స్నానం తర్వాత సాంబ్రాణి పొగ వేద్దామంటారు, కుంపటి అడుగుతారు. మన పెంకుటిళ్ళలో గాలి ఎక్కడినుంచైనా వచ్చేది, ఎటైనా పోయేది. ఇక్కడి కొత్త ఇళ్ళు గాలి దూరకుండా బిగించి కడతారు, అందులో బొగ్గులు రాజేస్తే ఆ విషవాయువు ఎక్కడికీ పోదు. కరెంటు ఉన్నా సరే, లేకపోయినా సరే, ఇంట్లో బొగ్గులు వద్దని అమ్మ విమానం దిగకముందే నెమ్మదిగా చెప్పు. వంటగదిలో గ్యాస్ స్టవ్ అగ్గిపుల్లతో వెలిగించి అన్నం వండుకోవచ్చు గానీ, గది వెచ్చబడటానికి బర్నర్లు వెలిగించి వదలకూడదు. కారు గరాజ్‌లో స్టార్ట్ చేసి కూర్చోవడం కూడా అంతే, షట్టర్ పైకెత్తి ఉన్నా వద్దు.

ఇక ఫర్నేస్ సంగతి. టెక్సాస్ ఇళ్ళలో అది చాలావరకు అటకమీద ఉంటుంది. వేడి గ్యాస్‌దే అయినా, వెలిగించే బోర్డుకీ వేడి గాలిని గదుల్లోకి తోసే బ్లోయర్‌కీ కరెంటు కావాలి, అందుకే 2021లో మా పైపులో గ్యాస్ ఆగకపోయినా మేం చలికి వణికాం. ఆ తర్వాత మీటర్ పెట్టి చూస్తే మా ఫర్నేస్ నడుస్తున్నప్పుడు 600 వాట్ల దగ్గర తీసుకుంటోంది, మోటార్ మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. 2000 వాట్ల ఇన్వర్టర్ జనరేటర్ (మన ఊరి ఇన్వర్టర్ కాదు, పెట్రోలుతో నడిచే చిన్న జనరేటర్) ఒకటి దాన్ని, ఫ్రిజ్‌ని, వైఫైని, నాలుగు ఎల్ఈడీ లైట్లని మోస్తుంది. పెట్రోలు కూడా తక్కువే తాగుతుంది, తక్కువ లోడు మీద గాలన్‌కి సుమారు 8 గంటలు. మీది పెద్ద ఇల్లు, రెండు ఫర్నేసులు ఉన్నాయన్నావు కదా, అమ్మానాన్నలు ఉండే కింది అంతస్తుది ఒక్కటి నడిపినా ఆ రెండు రోజులకి చాలు, అందరూ కిందే పడుకుంటారు.

పెట్రోలు, ప్రొపేన్ రెండింటిమీదా నడిచే మోడల్ అయితే మేలు. పెట్రోలు గరాజ్‌లో ఆరు నెలలుంటే పాడవుతుంది, పాడవకుండా స్టెబిలైజర్ అనే మందు కలపాలి, కార్బురేటర్ ఖాళీ చేసి పెట్టాలి, ఇవన్నీ ఉద్యోగం, పసిబిడ్డల మధ్య ఎవరికి గుర్తుంటాయి. ప్రొపేన్ చెడదు, గ్రిల్‌కి వాడే 20 పౌండ్ల సిలిండర్లు రెండు పెరట్లో ఉంచితే అయిపోయింది. సిలిండర్లు మాత్రం ఇంట్లోనూ గరాజ్‌లోనూ పెట్టొద్దు. నడుస్తున్నప్పుడు జనరేటర్ ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగగొట్టం ఇంటికి అవతలి వైపుకి తిప్పి ఉండాలి. వాన పడుతోందని గరాజ్ గుమ్మంలోకి లాగడం, పాటియో కప్పు కిందికి తేవడం, ఇలాంటివే ప్రాణాలు తీస్తున్నాయి. దానిమీద కప్పడానికి విడిగా గుడారంలాంటి కవర్లు దొరుకుతాయి.

ఇంటికి కలపడం మాత్రం లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ పని. రెండు వైపులా పిన్నులున్న తీగ చేసి డ్రయర్ ప్లగ్‌లో గుచ్చితే ఇల్లంతా వెలుగుతుందని ఎవరైనా చెబితే వినకు. ఆ కరెంటు ఇంట్లోంచి వీధి తీగల్లోకి వెనక్కి వెళ్తుంది, స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్ చనిపోవచ్చు. బయట గోడకి జనరేటర్ తీగ గుచ్చే ఇన్‌లెట్ బాక్స్, బ్రేకర్ల ప్యానెల్‌లో ఇంటర్‌లాక్ అనే అడ్డుపలక పెట్టిస్తే మెయిన్ బ్రేకర్ ఆపితే తప్ప జనరేటర్ బ్రేకర్ పైకి లేవదు. లేదా ఫర్నేస్ ఒక్కదాన్నే గ్రిడ్ నుంచి జనరేటర్‌కి మార్చే చిన్న ట్రాన్స్‌ఫర్ స్విచ్ పెట్టించుకోవచ్చు, నేను చేయించింది అదే, పర్మిట్‌తో కలిపి 900 డాలర్ల దాకా అయింది. ఒక చిక్కు ముందే చెబుతున్నాను, కొన్ని ఫర్నేసులు చిన్న ఇన్వర్టర్ జనరేటర్ మీద ఎర్రర్ చూపించి మంట వెలిగించవు, జనరేటర్‌లో న్యూట్రల్, ఎర్త్ కలిసి లేకపోవడమే కారణం. ఎలక్ట్రీషియన్ వచ్చిన రోజే జనరేటర్ మీద ఫర్నేస్ వెలిగించి చూపించమను, అప్పుడే డబ్బులివ్వు.

రాత్రిపూట జనరేటర్ చప్పుడు, మధ్యలో లేచి పెట్రోలు పోయడం కష్టమనిపిస్తే 2 యూనిట్ల పవర్ స్టేషన్, అంటే ప్లగ్గులున్న పెద్ద బ్యాటరీ పెట్టె, ఒకటి తోడు పెట్టుకో. ఫర్నేస్ గంటలో 25 నిమిషాలు నడుస్తుందనుకుంటే సగటున 250 వాట్లు, అంటే ఆ బ్యాటరీ దాదాపు 7 గంటలు లాగుతుంది, పొద్దున జనరేటర్‌తో మళ్ళీ ఛార్జ్ చేసుకోవచ్చు. ఇది మాత్రం ఇంట్లోనే పెట్టుకోవచ్చు, పొగ ఉండదు. ఐయానిక్ 5 లాంటి ఎలక్ట్రిక్ కారున్నవాళ్ళు అడాప్టర్ పెట్టి కారు బ్యాటరీ నుంచే 1.9 కిలోవాట్ల దాకా తీసుకోవచ్చు. సోలార్ పెట్టించుకున్నాం కదా అని ధైర్యంగా ఉండేవాళ్ళకి ఒక మాట: బ్యాటరీ లేని సోలార్ గ్రిడ్‌తో పాటే ఆగిపోతుంది. పెద్ద బ్యాటరీలకు ఉన్న 30 శాతం ఫెడరల్ టాక్స్ క్రెడిట్ కూడా 2025 డిసెంబర్ 31తో ముగిసింది, ఇంకా ఉందని చెప్పి అమ్మేవాళ్ళుంటే జాగ్రత్త.

ఆ 22 కిలోవాట్లది చెడ్డదని నేననను. ఇంట్లో ఆక్సిజన్ మెషీన్ మీద ఉన్నవాళ్ళో, మంచం దిగలేని పెద్దవాళ్ళో ఉంటే, లేదా హ్యూస్టన్‌లో ఉండి ఎండాకాలం ఏసీ కూడా నడవాలంటే, నేనే పెట్టించుకోమంటాను. దానంతట అదే స్టార్ట్ అవుతుంది, పైపు గ్యాస్ మీద నడుస్తుంది. కానీ ఏటా సర్వీసింగ్ ఉంటుంది, గ్యాస్ మీటర్ పెద్దది మార్చాల్సి రావచ్చు, హెచ్ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) అనుమతి కావాలి. కొత్త ఇల్లు, కొత్త బిడ్డ, ఇంకా హెచ్1బీ మీద ఉన్న మీకు 14 వేల డాలర్లు చేతిలో ఉండటమే మంచిదని నాకనిపిస్తోంది.

డాలస్ పక్కనే ఇర్వింగ్, లాస్ కొలీనాస్ అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్ళ పరిస్థితి వేరు. అక్కడ చాలా చోట్ల హీటింగ్ అంతా కరెంటే, బాల్కనీలో జనరేటర్ పెట్టకూడదు. వాళ్ళు 1 యూనిట్ పవర్ స్టేషన్, రెండు ఎలక్ట్రిక్ దుప్పట్లు కొనుక్కుంటే చాలు. అదే బ్యాటరీ 1500 వాట్ల రూమ్ హీటర్‌ని అరగంటకి మించి నడపలేదు, ఒక దుప్పటినైతే రాత్రంతా వెచ్చగా ఉంచుతుంది. మనిషిని వెచ్చగా ఉంచడానికి అయ్యే ఖర్చు గదిని వెచ్చబెట్టడం కంటే ఎంతో తక్కువ. పసిపిల్లలకి మాత్రం ఎలక్ట్రిక్ దుప్పటి, బరువైన బొంత రెండూ వద్దు, తల్లి ఒంటికి ఆనించి పెట్టుకుని, టోపీ, సాక్సులు వేసి ఉంచాలి. అప్పటికీ గది మరీ చల్లబడితే పంతం పట్టకుండా కరెంటున్న స్నేహితుల ఇంటికి వెళ్ళిపోవడం మంచిది, రోడ్లు గడ్డకట్టకముందే.

నీళ్ళ సంగతి. మీటర్ బాక్స్ దగ్గర నీళ్ళు కట్టేసే వాల్వ్ ఎక్కడుందో నీకూ నాన్నకీ తెలియాలి, ఆ వాల్వ్ తిప్పడానికి వాడే వాటర్ కీ కొని గరాజ్‌లో తగిలించు. చలి హెచ్చరిక రాగానే బయటి కుళాయిలకి కవర్లు, లోపలి కుళాయిలు సన్నటి ధారగా, సింకుల కింద తలుపులు తీసి. మా ఇంట్లో అటకమీది పైపు పగిలి సీలింగ్ ఊడి మంచం మీద పడింది, అది కరెంటు వచ్చి పైపులో మంచు కరిగాక జరిగింది, అప్పటికి మేం గండం గడిచిందనుకున్నాం. వాల్వ్ ఎక్కడుందో వెతుక్కోవడానికే ఇరవై నిమిషాలు పట్టింది. నాన్నకి ఇన్సులిన్ అన్నావు కదా, ఫ్రిజ్ తెరవకుండా ఉంచితే 4 గంటలు చల్లగా ఉంటుంది, ఈలోపు జనరేటర్ అందుకుంటుంది. ఇన్సులిన్ గడ్డకట్టకూడదు కాబట్టి గరాజ్‌లోనో బయట మంచులోనో పెట్టొద్దని నాన్నకి చెప్పు.

నవంబరులో ఒక శనివారం పెట్టుకుందాం, నా జనరేటర్ తీసుకుని నేను వస్తాను. కొనకముందే మీ మెయిన్ బ్రేకర్ ఆపేసి, ఎలక్ట్రీషియన్ ఉండగా ఫర్నేస్ దానిమీద నడుస్తుందో లేదో చూద్దాం. అమ్మానాన్నలు వచ్చాక ఇంకోసారి, ఈసారి నాన్న చేత చేయిద్దాం. మీరిద్దరూ హాస్పిటల్లో ఉన్న రాత్రి కరెంటు పోతే ఇంట్లో ఉండేది వాళ్ళే కదా.